జవాన్ల పింఛన్లకూ సోషల్ ఆడిట్ పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాజీ సైనికుల పింఛను ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పరిష్కారమైపోయాయని మొన్న మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఆ లెక్క అబద్ధమని నేను అనను. అది ఎట్లా తయారవుతుందో మాత్రం నాకు తెలుసు. ఆ ఫిర్యాదుల్లో కొన్ని టైపు చేసింది నేనే. ఉరవకొండలో కామన్ సర్వీస్ సెంటర్ నడుపుతున్నాను. కరెంటు బిల్లులు, పాన్ కార్డులు, పంటల బీమాతో పాటు మిలిటరీ పింఛన్ల పనీ మా దగ్గరికే వస్తుంది. మా నాయన ఆర్టిలరీలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. జవాను కూతురికైతే మన బాధ తెలుస్తుందని చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఇంకొంచెం ఎక్కువే వస్తారు.

ఇదివరకు ఈ పింఛను బ్యాంకులు వేసేవి. ఇప్పుడు ‘స్పర్శ్’ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ప్రయాగ్‌రాజ్ (పాత అలహాబాద్)లోని రక్షణ శాఖ పింఛన్ల ఆఫీసు నుంచి నేరుగా ఖాతాలో పడుతోంది. దేశమంతా 30 లక్షలకు పైగా పింఛనుదారులు దీని కిందికి వచ్చారు. దీనివల్ల మేలే లేదంటే అన్యాయం. నెలనెలా ఎంత మూలం, ఎంత కరువు భత్యం అన్నది ఫోన్లో కనిపిస్తుంది, బెంగళూరులో ఉన్న కొడుకైనా చూసుకోవచ్చు. బ్యాంకు గుమాస్తా దయాదాక్షిణ్యాల మీద ఆధారపడే రోజులు పోయాయి. మా నాయన పింఛను ఒక్క నెల కూడా ఆగలేదు. ఆయన కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, ఆయనకు చదువొచ్చు, పైగా ఇంట్లో కంప్యూటరుంది. ఈ మూడూ లేనివాళ్ల సంగతి రాయాలనే ఈ ఉత్తరం.

నవంబరు వస్తే మా సెంటర్లో లైఫ్ సర్టిఫికెట్ల, అంటే బతికున్నామని ఏటా చూపించే కాగితాల జాతర. వేరుశనగ కట్టె పీకి, కాయలు ఒలిచి అరిగిపోయిన వేళ్లకు మిషను మీద ముద్ర పడదు. తడిగుడ్డతో తుడిచి బొటనవేలు, అది కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే ముఖం చూసే యాప్. ఆ యాప్ కళ్లు ఆర్పమంటుంది. ‘కళ్లు ఆర్పవ్వా’ అంటే ఆమె గట్టిగా మూసేసుకుని కూర్చుంటుంది, తెరువమనేదాకా తెరవదు. ఇంత చేసి ముద్ర పడ్డాక కూడా అసలు గండం వేరే ఉంది. పింఛను ఇచ్చే సంస్థ ఏదో ఎంచుకునే చోట ‘స్పర్శ్ – పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్’ అన్నది, అంటే ఆ ప్రయాగ్‌రాజ్ ఆఫీసు పేరు, వెతికి నొక్కాలి. పాత అలవాటుకొద్దీ బ్యాంకు పేరు నొక్కితే సర్టిఫికెట్ తయారవుతుంది, నంబరు వస్తుంది, ఫోనుకు మెసేజీ కూడా వస్తుంది. చేరాల్సిన చోటికి మాత్రం చేరదు. అవ్వ బతికున్నట్టు బ్యాంకుకు తెలుసు, ప్రయాగ్‌రాజ్‌కు తెలియదు. తర్వాత పింఛను ఆగుతుంది. పింఛను ఆగిందని పోస్టులో ఉత్తరం వచ్చి చెప్పదు, ఆ ముసలామె ఏటీఎం దగ్గర మనవడితో నిలబడినప్పుడు తెలుస్తుంది. ‘పడిందా పాపా?’ అని పాసుబుక్కు పట్టుకొని మా మెట్లెక్కుతారు.

ఇదైనా మళ్లీ సర్టిఫికెట్ పంపితే తీరే చిక్కు. తీరనివి వేరే ఉన్నాయి. ఒక్కటి చెప్తాను. ఏ ఆఫీసులో ఆగిందో పేర్లు రాయను, ఎవరి మీదా కక్ష లేదు.

వజ్రకరూరు వైపు పల్లె. జవాను భార్య, భర్త పోయి చాలా ఏళ్లయింది, ఫ్యామిలీ పింఛను వస్తోంది. నిబంధన ప్రకారం 80 ఏళ్లు నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనంగా ఇవ్వాలి. 85కు 30 శాతం, 90కి 40, 95కు 50, నూరు నిండితే ఏకంగా రెట్టింపు. ఈమెది కనీస పింఛను, 9,000. దాని మీద 20 శాతమంటే నెలకు 1,800, దానికి కరువు భత్యం వేరే. ఆధార్ కార్డు ప్రకారం ఆమెకు 80 ఎప్పుడో దాటింది. భర్త కాలంలో ఇచ్చిన పింఛను ఉత్తర్వులో, అంటే పీపీఓలో, భార్య పుట్టిన తేదీ రాయాల్సిన చోట ఏమీ లేదు. అప్పట్లో పల్లెలో ఆడవాళ్ల పుట్టిన తేదీ ఎవరు రాసి పెట్టారు గనక? దానికి తోడు పీపీఓలో ఉన్న పేరు చివర ‘అమ్మ’ లేదు, ఆధార్‌లో ఉంది. ఓటరు కార్డులో పేరు సరిగ్గానే ఉంది, పుట్టిన సంవత్సరం వేరు.

ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాను. ఒక ఆఫీసు, భార్య వివరాలు మార్చే అధికారం మాది కాదు, రెజిమెంటు కాగితాలు ఉన్నచోట నుంచి కొరిజెండం, అంటే సవరణ ఉత్తర్వు, రావాలంది. రెండో ఆఫీసు, అఫిడవిట్టూ రెండు పేర్లూ ఒక మనిషివేనన్న సర్టిఫికెట్టూ జిల్లా నుంచి పంపితే చూస్తామంది. ఆ సర్టిఫికెట్టు ఇవ్వాల్సిన మూడో ఆఫీసు, రెండు కార్డుల్లో రెండు సంవత్సరాలుంటే దేన్ని నమ్మి సంతకం పెట్టాలమ్మా అని అడిగింది. అందులో తప్పేముంది? నిజానికి ముగ్గురిలో ఎవరూ తప్పు మాట్లాడలేదు. ఎవరి రూలు పుస్తకం ప్రకారం వాళ్లు కరెక్టే. కానీ ప్రతి మజిలీలోనూ ఫిర్యాదు ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అన్న ఒక్క వాక్యంతో మూతపడింది. మూతపడగానే అది పరిష్కారమైన వాటి లెక్కలో చేరిపోతుంది. అట్లా ఒకే అవ్వ సమస్య, తీరకుండానే, ముగ్గురి రిజిస్టర్లలో ‘తీరినది’ అయింది. మీ పత్రికలో వచ్చిన లెక్క ఇట్లాంటి రిజిస్టర్ల నుంచే వస్తుంది. తొలకరి పడితే వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాలు వెతుకుతుంటారు. అక్కడైనా ఏడాదికొకరికి ఏదో ఒక రాయి దొరికిందని వింటాం. ఈ అవ్వ కేసు ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందో వెతికితే దొరకలేదు.

ఇంకో సంగతి. మిలిటరీ పింఛను ఉన్న ఇల్లని రికార్డులో ఉంటుంది కాబట్టి, సచివాలయం వాళ్లు ఒకటో తారీఖు ఇంటికి తెచ్చిచ్చే 4,000 రూపాయల ఎన్టీఆర్ భరోసా పింఛను వీళ్లకు రాదు. పక్కింటామెకు వాకిట్లో డబ్బిస్తుంటే, పింఛను ఆగిన జవాను భార్య చూస్తూ కూర్చోవాలి.

దీన్నంతా పైనుంచి చూసేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. 2004లో రక్షణ శాఖలో మాజీ సైనికుల సంక్షేమానికే ప్రత్యేక విభాగం పెట్టారు. పార్లమెంటులో రక్షణ స్థాయీ సంఘం ఉంది, రెండు సభలకూ కలిపి 31 మంది సభ్యులు. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఉంది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ మీద 2015లో కాగ్ నివేదిక ఇచ్చింది, పాలీక్లినిక్కుల్లో మందులు సరిగా అందని సంగతి రాసింది. సియాచిన్ లాంటి చోట్ల జవాన్లకు మంచు బూట్లు, కళ్లద్దాలు సమయానికి అందడం లేదని 2020లో పార్లమెంటు ముందుకొచ్చిన నివేదికలో చెప్పిందీ కాగే. సైన్యం సంగతి కదా, మనకెందుకులే అని ఊరుకుని ఉంటే అవేవీ బయటికి వచ్చేవి కావు. వాళ్లంటే నాకు గౌరవమే.

అయితే ఆడిట్‌కు సులువుగా దొరికేది ఖర్చయిన డబ్బు. ఇవ్వని డబ్బుకు వోచరు ఉండదు. అవ్వకు రావాల్సిన 1,800 ఏ ఖాతాలోనూ తప్పుగా కనిపించదు, ఎందుకంటే అది ఏ ఖాతాలోనూ లేదు. 2025-26 బడ్జెట్లో రక్షణ శాఖకు కేటాయించిన 6.81 లక్షల కోట్లలో 1.60 లక్షల కోట్లు పింఛన్లకే పెట్టారు. ఆ అంకె చూసి ఢిల్లీలో కొందరు పింఛన్ల భారం అంటారు. భారమో కాదో పెద్దవాళ్లు తేల్చుకోనీ. అంత డబ్బు కదిలేచోట, కదలకుండా ఆగిన చిన్న మొత్తాలను లెక్కపెట్టే మనిషి ఒకడు కావాలని నేనంటున్నాను.

ఆ మనిషి జిల్లాలోనే ఉన్నాడు. మాజీ సైనికుల సంక్షేమం చూసే జిల్లా సైనిక్ బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. ఆ కార్యాలయాల ఖర్చులో మన రాష్ట్రానికి 60 శాతం కేంద్రం ఇస్తుంది, మిగిలింది రాష్ట్రం పెట్టుకుంటుంది. అంటే ఇద్దరిదీ. ఇద్దరిదైన పని మన దగ్గర ఏమవుతుందో అందరికీ తెలిసిందే, ఎవరికి వారే యమునా తీరే. కలెక్టరుకు సోమవారం గ్రీవెన్సు ఉంది, అక్కడ అర్జీ ఇచ్చినా ‘ఇది కేంద్రం పరిధి’ అని రాసేస్తారన్న భయంతో మావాళ్లు ఎక్కువమంది పోరు.

అనంతపురం జిల్లాకు ఇంకో పద్ధతి తెలుసు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలోనే ప్రారంభించారు. ఆ చట్టం 17వ సెక్షన్లో సోషల్ ఆడిట్ రాశారు. కూలోళ్లందరి ముందర మస్టరు, అంటే హాజరు పట్టీ, చదివి, ‘నీకు ఇన్ని రోజుల కూలి పడిందంట, నిజమేనా?’ అని మనిషిని పేరుపెట్టి అడిగేవాళ్లు. కాదంటే అప్పటికప్పుడు రాసుకునేవాళ్లు. ఆ సభలు ఎంత చప్పగా నడిచాయో, ఎన్ని రికవరీలు మధ్యలో ఆగాయో నాకూ తెలుసు, గొప్పలు చెప్పడం లేదు. కానీ ఒక్క సంగతి అక్కడ సరిగ్గా ఉంది. డబ్బు పడిందా లేదా అన్నది డబ్బు వేసినవాణ్ని కాకుండా తీసుకోవాల్సినవాణ్ని అడిగారు. గుంత తవ్విన కూలికి ఆ మర్యాద దొరికినప్పుడు సరిహద్దులో చేసి వచ్చినవాడి భార్యకు దొరకకపోవడమేమిటి?

నేను కోరేది చిన్నదే. మూడు నెలలకొకసారి కలెక్టరు ముందర, సైనిక్ బోర్డు ఆధ్వర్యంలో, ఆగిపోయిన పింఛను కేసుల జాబితా చదవాలి. పేర్లు అక్కర్లేదు, కేసు నంబరు చాలు. ఆ కేసు ఈరోజు ఏ ఆఫీసులో ఉంది, ఏ తేదీ నుంచి ఉంది, వాళ్లు అడుగుతున్న కాగితం ఏది. ఈ మూడు ముక్కలూ బోర్డు గోడకు అంటించాలి. తహసీల్దారు, రికార్డ్స్ ఆఫీసు ప్రతినిధి, పింఛను విభాగం మనిషి వీడియోలోనైనా ఒకేసారి కూర్చుంటే అవ్వ కేసు అరగంట పని. ఫిర్యాదు మూసే అధికారం ఆఫీసు చేతిలో ఉండకూడదు. అర్జీదారు మా లాంటి సెంటర్లో వేలిముద్ర వేసి ‘నాకు అందింది’ అంటేనే మూతపడాలి. బతికున్నట్టు నిరూపించడానికి ఏటా ఆమె వేలు అడుగుతున్నాం కదా, సమస్య తీరిందో లేదో చెప్పడానికీ అదే వేలు పనికొస్తుంది.

దేశభద్రత, సైన్యం గోప్యత అని ఎవరైనా అడ్డుచెప్తారేమో. ఉరవకొండ పక్క పల్లెలో ఒక ముసలామె పుట్టిన సంవత్సరం తెలిసినంత మాత్రాన శత్రువుకు ఒరిగేదేమీ లేదు.

మన ఎంపీలకూ ఒక మాట. ఒకే ర్యాంకు ఒకే పింఛను సంగతి ఎన్నో ఏళ్లు నలిగింది. మామూలు మనుషులు రాజ్యసభ పిటిషన్ల కమిటీకి అర్జీ పెట్టుకుంటే, భగత్ సింగ్ కోష్యారీ అధ్యక్షతన ఆ కమిటీ విచారించి 2011 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఉత్తర్వులు 2015 నవంబరుకు గానీ రాలేదు, అది వేరే కథ. కింది నుంచి పోయిన అర్జీ పార్లమెంటు బల్ల మీదికి ఎక్కగలదని మాత్రం తేలింది. రాయలసీమ ఎంపీలు తలా ఒక ఏడాది ఈ జిల్లా జాబితాలను తీసుకెళ్లి స్థాయీ సంఘం ముందు పెడితే చాలు.

ఇది ముసలివాళ్లతో ముగిసే విషయం కూడా కాదు. 2022 జూన్‌లో సైనికుల్ని తీసుకునే కొత్త పథకం అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్లు చేశాక నూటికి 25 మందికి మించి ఉంచుకోరు, మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి వస్తారు. పింఛను లేదు, ఈసీహెచ్ఎస్ లేదు. తొలి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండే కాలం వచ్చేసింది. ఆ పిల్లలు జిల్లాకు తిరిగొచ్చాక వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్లో రాస్తారు, వాళ్లకిచ్చిన ఉద్యోగాల మాటలు నిలబడ్డాయా లేదా అని ఎవరు చూస్తారు? తెల్లవారుజామున మా ఊరి రోడ్డు మీద పరుగు తీసే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఇదే. నా దగ్గర జవాబు లేదు, కలెక్టరాఫీసులో ఉండాలి.

ఈ ఉత్తరం చదివే జవాన్ల కుటుంబాలకు పనికొచ్చే ముక్క ఒకటి. పింఛను రాని పాత సైనికులు, వాళ్ల వితంతువులు, హవల్దారు ర్యాంకు వరకు ఉండి 65 దాటినవాళ్లైతే, కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే నెలవారీ సాయం 4,000 నుంచి 8,000కు పెరిగింది. 2025 నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు వర్తిస్తుంది. కూతురి పెళ్లికిచ్చేది 50,000 నుంచి లక్ష అయింది. ఈ సంగతి తెలియక మా వైపు పల్లెల్లో చాలామంది అడగనే లేదు. డిశ్చార్జి బుక్కు, పాత పీపీఓ, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు వెంట తెచ్చుకోండి. డిశ్చార్జి బుక్కుకు లామినేషన్ చేయించవద్దు, ముద్రలు స్కాన్‌లో పడవు. ఉరవకొండ చుట్టుపక్కల వాళ్లెవరైనా ఆదివారం కూడా రావచ్చు, మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది.

– కామన్ సర్వీస్ సెంటర్ నిర్వాహకురాలు,
ఉరవకొండ, అనంతపురం జిల్లా