మా కారు వెనక టైర్లకి దారి చూపించిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారమండి. మా బీఎండబ్ల్యూ 530డి కారుకి డ్రాగ్ రేసు కోసం వెనక ఏ టైర్లు వేయాలో తేలక నేను పడ్డ టెన్షన్ భీమవరంలో మా వాళ్లందరికీ తెలిసిందే. కారు లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద పరిగెత్తి, ఏ ముక్కా విరగకుండా లారీ మీద క్షేమంగా ఇంటికొచ్చింది. ఇందులో చేయి వేసినవాళ్లలో సగం మంది డ్రాగ్ రేసు అనేదాన్ని జన్మలో చూడలేదు. నన్నడిగితే పని తేల్చింది వాళ్లే. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్లకి తెలుస్తుంది.

కొత్తవాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. డ్రాగ్ రేసంటే నిలబడ్డ చోటు నుంచి 402 మీటర్లు, అంటే పావు మైలు, తిన్నగా వెళ్లడమే. మాది వెనక చక్రాలతో లాగే డీజిల్ బండి, బరువు ఎక్కువ. యాక్సిలరేటర్ తొక్కగానే టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, అంతా ఒక్కసారి వచ్చి మీద పడుతుంది. కంపెనీ ఇచ్చిన రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంతదూరం నడిచేవి) పొగ లేపడం తప్ప కారుని ముందుకి తోయడం లేదు. సలహాలకేం, బోలెడు వచ్చాయి. 305 మిల్లీమీటర్ల వెడల్పు టైరు వేసెయ్ అని ఒకరు, గీతల్లేని స్లిక్స్ వేస్తే తిరుగుండదని ఇంకొకరు, ఇంత బరువు బండితో రేసెందుకు, అమ్మేసి చిన్నది కొనుక్కో అని మా నాన్నగారు. చెరువుల మీద వచ్చిన డబ్బు రబ్బరు కింద కాల్చేస్తున్నానని ఆయన బాధ.

మొదటి నమస్కారం ఉండిలో ట్రాక్టర్లు బాగుచేసే మా బాబాయ్‌కి. ఆయన దగ్గరికి వెళ్లింది జాకీ అడగడానికి. టైర్ల గొడవంతా విని, షెడ్డులో ఉన్న ట్రాక్టరు వెనక టైరు దగ్గరికి తీసుకెళ్లి గాలి కొంచెం కొంచెంగా వదలడం మొదలుపెట్టారు. మీటరు 20 నుంచి 12కి దిగేసరికి టైరు పక్కలు ఉబ్బి, నేలకి దగ్గర ముడత పడింది. “చూశావా అబ్బాయ్, వెడల్పు పెరిగిందా, పొడుగు పెరిగిందా?” అన్నారు. కింద సిమెంటు మీద పడ్డ మట్టి అచ్చు చూస్తే పొడుగే పెరిగింది. మన నల్లరేగడిలో ట్రాక్టరు చక్రం ఊరికే తిరుగుతుంటే గాలి దించేది అందుకేనట, నేలకి ఆనే చోటు ముందుకీ వెనక్కీ సాగాలని. “నీ కారుకైనా లెక్క అదే. ముందు బరువెంతో చూసుకురా, తర్వాత టైరు సంగతి మాట్లాడదాం” అని పంపించారు.

రెండో నమస్కారం పాలకొల్లు రైస్ మిల్లులో కాటా దగ్గర ఉండే అన్నయ్యకి. ధాన్యం లారీలు లైన్లో ఉన్నా విసుక్కోకుండా మా కారుని మూడు రకాలుగా తూచి ఇచ్చారు: మొత్తం బండి, ముందు చక్రాలు మాత్రమే, వెనక చక్రాలు మాత్రమే. నేను సీట్లో కూర్చుని ఉండగా మొత్తం 1,830 కిలోలు, అందులో వెనక 880. డబ్బులివ్వబోతే “రేసు కార్లకి రేటు లేదండీ మా దగ్గర” అని నవ్వేశారు.

ఆ చీటీని చెన్నైలో టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా బావకి పంపాను. బావ చేసిన లెక్క ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. కారు గట్టిగా కదిలినప్పుడు ముందు లేచి వెనక కుంగుతుంది కదా, అప్పుడు మా కారు వీల్‌బేస్‌కి (ముందు, వెనక చక్రాల మధ్య దూరానికి) సుమారు 220 కిలోలు వెనక్కి జరుగుతాయి. అంటే ఒక్కో వెనక టైరు మీద 550 కిలోలు. టైరులో గాలి 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే నేలకి ఆనేది దాదాపు 245 చదరపు సెంటీమీటర్లు. అదే 22 పీఎస్‌ఐకి దించితే 355 దాకా వస్తుంది. ట్రెడ్, అంటే నేలకి ఆనే రబ్బరు, వెడల్పు 25 సెంటీమీటర్లు అనుకుంటే, ఆనే పొడుగు పది లోపు నుంచి పద్నాలుగుకి పెరిగినట్టు. గాలి మార్చకుండా ఇంకా వెడల్పు టైరు వేస్తే ఆనే చోటు పెద్దగా పెరగదు, అడ్డంగా సాగి పొడుగు తగ్గుతుందంతే. టైరు పక్కల గట్టిదనం వల్ల అంకెలు అటూ ఇటూ అవుతాయని బావే చెప్పాడు. రన్‌ఫ్లాట్‌తో చిక్కు కూడా అక్కడే. గాలి పోయినా బండిని మోయడానికి దాని పక్కలు బాగా మందంగా చేస్తారు, అందుకని గాలి దించినా అది సరిగ్గా పరుచుకోదు.

అలాగని ఎంతైనా దించేయొచ్చా అంటే కుదరదు. తేలిక కార్లవాళ్లు 15 దాకా దించుతారు. మన బండి బరువుకి అలా చేస్తే, 402 మీటర్ల చివర స్పీడు మీద ఉన్నప్పుడు వెనక భాగం పక్కకి ఊగుతుంది. టైరు మీద రాసి ఉండే లోడ్ ఇండెక్స్ 99 అంటే ఆ టైరు 775 కిలోలు మోస్తుందని అర్థం, కానీ అది పూర్తి గాలి ఉన్నప్పటి మాట. ఈ ముక్క బరువు కార్లవాళ్లు ఎవరూ మర్చిపోకండి.

తాడేపల్లిగూడెం టైర్ల షాపు ఓనరుగారికి ఎంత చెప్పినా తక్కువే. తన దగ్గర లేని సరుకు గురించి నాకోసం అంతసేపు కూర్చున్నారు, ఒక్క రూపాయి లాభం లేకుండా. సైజు మార్చొద్దని గట్టిగా చెప్పింది ఆయనే. మా కారుకి ముందు 245/45ఆర్18, వెనక 275/40ఆర్18 (మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో). వెడల్పు వేరైనా రెండింటి ఎత్తూ దాదాపు 677 మిల్లీమీటర్లే. వెనక ఎత్తు మారితే బ్రేకులు చూసుకునే ఏబీఎస్ కంప్యూటరుకి ముందు చక్రాల లెక్క, వెనక చక్రాల లెక్క కలవవు. గేర్ల లెక్కా మారిపోతుంది, ఎత్తు టైరు వేస్తే స్టార్టింగులో లాగే బలం తగ్గుతుంది. పెద్ద టైరు వేయాలంటే రిమ్ము కూడా దానికి తగ్గ వెడల్పుండాలి, లేకపోతే ట్రెడ్ మధ్యలో ఉబ్బి అంచులు నేలకి ఆనవు.

స్లిక్స్ వద్దన్నది కూడా ఆయనే. పక్కలు మెత్తగా ఉండే బయాస్ ప్లై (లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఉండే) స్లిక్స్, జిగురు కొట్టి తయారు చేసిన డ్రాగ్ ట్రాక్ మీద బ్రహ్మాండంగా పట్టుకుంటాయి. మనం వెళ్లేది మామూలు రన్‌వే, అక్కడ వాటి గొప్పదనం సగం కూడా బయటికి రాదు. ముందు రేడియల్ (మామూలు కారు టైర్ల రకం), వెనక బయాస్ ప్లై అయితే స్పీడులో బండి నడక తేడాగా ఉంటుంది. పైగా మాది వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ వేటికవి కదిలేది), పట్టు మరీ ఎక్కువై చక్రం ఎగిరెగిరి పడిందంటే యాక్సిల్ విరిగి చేతికొస్తుంది. అలా చివరికి డ్రాగ్ రేడియల్ దగ్గర, అంటే డ్రాగ్ రేసు కోసం మెత్తని రబ్బరుతో చేసే రేడియల్ టైర్ల దగ్గర, ఆగాం.

ఇక అవి దొరకాలి కదా. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి, ఆర్డరు పెడితే వచ్చేసే వస్తువు కాదిది. కోయంబత్తూరులో ఒక రేసరు తన జత ఇస్తానన్నారు. ఆయనకి ప్రత్యేకంగా దణ్ణం పెట్టాలి. ఫొటోల్లో టైరు పక్కనున్న నాలుగంకెల తేదీ కోడ్ మీద టార్చి వేసి మరీ చూపించారు, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఎన్నిసార్లు వేడెక్కి చల్లారాయో తన పుస్తకంలో రాసుకున్న పేజీ కూడా పంపారు. ఈ రబ్బరు వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం కొంచెం గట్టిపడుతుంది, గీతలు నిండుగా ఉన్నాయి కదా అని చూసి కొనకూడదు. పార్సిల్ విప్పాక గోరుతో నొక్కితే నొక్కు పడి, మెల్లగా పైకి లేచింది. అమ్మయ్య అనుకున్నాను.

వాటిని మా చెరువు దగ్గర షెడ్డులో పెట్టబోతుంటే గూడెం ఓనరుగారే ఫోన్లో కేకలేశారు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు, వెల్డింగు ఉన్న చోట ఓజోన్ పుట్టి రబ్బరుని పగలగొడుతుందట. నల్ల పాలిథిన్‌లో చుట్టి ఇంట్లో మంచం కింద పెట్టాను. మా అమ్మ ఏమందో ఇక్కడ రాయలేను.

అక్కడ రన్‌వే మీద ఉండి బాబాయ్‌కి వీడియో కాల్ చేశాను. పొద్దున చలికి గాలి దానంతటదే తగ్గింది, సరిచేసి 22లో పెట్టాం. టైర్లు వేడెక్కడానికి నీళ్ల మీద చక్రాలు కొంచెమే తిప్పి, పొగ మొదలవగానే ఆపేశాను, రేడియల్స్‌ని ఎక్కువ కాలిస్తే రబ్బరు జిడ్డు దేరుతుందని బావ ముందే చెప్పాడు. 18కి దించి కూడా ఒకసారి చూశాం. వెనక ఊగడం మొదలైంది, మళ్లీ 22కే వచ్చాం. టైము కొలిచే జీపీఎస్ బాక్సులో మొదటి 60 అడుగులు పాత టైర్లతో 2.4 సెకన్లు పట్టేది, ఇప్పుడు 2.1. “మూడు పాయింట్లకేనా ఇంత హడావిడి?” అన్నారు బాబాయ్. ఆయన్ని ఈసారి తీసుకెళ్లి గీత దగ్గర నిలబెడతాను, నాట్లు అయ్యాకే వస్తానన్నారు.

గోదావరి జిల్లాల్లో ఎవరి దగ్గరైనా 5×120 బోల్టుల (120 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు బోల్టులు) బీఎండబ్ల్యూ ఉండి రన్‌వే ఈవెంటుకి వెళ్తుంటే చెప్పండి, టైర్లు రిమ్ములతో సహా ఇస్తాను. హైవే మీద వేస్తానంటే మాత్రం ఇవ్వను. వీటికి గీతలు నామమాత్రం, మన వానల్లో నీళ్ల మీద తేలిపోతాయి. తీసుకెళ్లే ముందు కారు కాటా వేయించి చీటీ తీసుకురండి. పాలకొల్లు అన్నయ్యకి ముందే చెప్పి ఉంచాను, ధాన్యం సీజన్లో మాత్రం మధ్యాహ్నం దాటాక వెళ్లండి.