జ్వరం గోలీ లెక్క: ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక మందుల షాపు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

2020లో కరోనా వచ్చినప్పుడు మీరు ఈ కుర్చీలో లేరు. అప్పటి మంత్రి వేరు, ముఖ్యమంత్రి వేరు. అందుకే మీకు రాస్తున్నాను. అప్పటివాళ్లకు రాస్తే సంజాయిషీ వస్తుంది. మీకు రాస్తే పని జరగొచ్చు.

నాకు సికింద్రాబాద్‌లో చిన్న మందుల షాపు ఉంది. గాంధీ ఆస్పత్రికి నడిచి వెళ్లేంత దూరం. లాక్‌డౌన్‌లో బజారంతా మూతపడ్డా మా షట్టర్ మాత్రం తెరిచే ఉంది. సాయంత్రం నాలుగింటికి ఢిల్లీలో కేంద్ర ఆరోగ్య శాఖ సంయుక్త కార్యదర్శి లవ్ అగర్వాల్ మాట్లాడేవారు. పొద్దుగూకాక మన రాష్ట్ర బులెటిన్ వచ్చేది. కొన్ని రాత్రులు కేసీఆర్ గారు ప్రగతి భవన్ నుంచి చాలాసేపు మాట్లాడేవారు. అవన్నీ విన్న జనం ఏమనుకున్నారో సర్వేల వాళ్లకన్నా ముందు మాకు తెలిసేది. మర్నాడు పొద్దున షాపు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడి వాళ్లు ఏ మందు అడుగుతారో దాన్నిబట్టి చెప్పేయొచ్చు. మీ శాఖ చెప్పే మాట టీవీలో ఐపోదు మంత్రి గారూ. మా కౌంటర్ దాకా వస్తుంది. అక్కడ డబ్బులు చేతులు మారతాయి, గోలీలు కడుపులోకి పోతాయి.

మొదట వచ్చింది నవ్వు. మార్చిలో శాసనసభలో కేసీఆర్ గారు కరోనాకు పారాసిటమాల్ గోలీ చాలన్నారు. అదే నెల 15న అటు జగన్ గారు కూడా పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ అన్నారు. ఇక రెండు రాష్ట్రాల్లో ఏ ఫోన్ తెరిచినా అదే గోల. మా దగ్గరికొచ్చి "అన్నా, రెండు సీఎం గోలీలియ్యే" అని అడిగిన కుర్రాళ్లూ ఉన్నారు. నా మటుకు నేను చెప్పాలంటే, ఆ మాట పూర్తిగా తప్పేమీ కాదు. ఆ తర్వాత లక్షణాలు కొద్దిగా ఉన్నవాళ్లను ఇంట్లో ఉంచినప్పుడు వాళ్లు వేసుకున్నది ముఖ్యంగా జ్వరం గోలీయే. జనం నవ్వింది గోలీని చూసి కాదు. ఇటలీలో శవపేటికలను సైనిక లారీల్లో తరలిస్తున్న వీడియో ఆ నెలలోనే అదే ఫోన్లలో తిరిగింది. దాన్ని చూసి నిద్రపట్టనివాడికి ఇంత తేలిక మాట చెబితే, నా భయాన్ని వీళ్లు లెక్కలోకే తీసుకోలేదు అనిపిస్తుంది. అక్కణ్నుంచి ఏం చెప్పినా సగమే నమ్ముతాడు.

సరే, ఆ గోలీ కథ అక్కడితో ఆగలేదు.

ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. జ్వరం, జలుబు, దగ్గు మందులు కొనేవాళ్ల పేరూ ఫోన్ నంబరూ రాసుకోవాలి, ఆ వివరాలు అధికారులకు పంపాలి. ఉద్దేశం మంచిదే, కాదనను. జ్వరం వచ్చినవాళ్లు పరీక్షకు రాకుండా గోలీ మింగి ఇంట్లో కూర్చుంటే వ్యాధి జాడ దొరకదు. కానీ అదెందుకో, నంబరు ఇచ్చాక ఏం జరుగుతుందో మామూలు మనిషికి అర్థమయ్యేలా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నెల కింద "అది చాలు" అన్న గోలీకే ఇప్పుడు నోట్‌బుక్‌లో పద్దు రాయాలంటే జనం ఏమనుకుంటారు?

ఆ నోట్‌బుక్ సంగతి కాస్త చెప్పనివ్వండి. పేరు, ఫోన్, ఏరియా, మందు అని నాలుగు గళ్లు గీశాం. మొదటి రోజుల్లో గల్లీవాళ్లు మామూలుగానే చెప్పారు. ఆ తర్వాత పక్క వీధిలో ఒక ఇంటికి బ్యారికేడ్ కట్టారు, ఇంట్లోవాళ్లను అంబులెన్సులో తీసుకెళ్లారు. దానికీ మా నోట్‌బుక్‌కూ సంబంధం లేదు. కానీ సంబంధం ఉందని గల్లీ మొత్తం ఒక్క సాయంత్రంలో తేల్చేసింది. మర్నాటి నుంచి జ్వరాలన్నీ మాయం! అందరివీ మోకాళ్ల నొప్పులే. పాతికేళ్ల పిల్లాడు కూడా "అమ్మకు కాళ్లు గుంజుతున్నయంట" అంటాడు. కొందరు నంబరులో ఒక అంకె తక్కువ చెప్పేవాళ్లు. ఎప్పుడూ మా దగ్గరే కొనే ఒక పెద్దాయన ఇక్కడ ఒక షీటు, అవతల వీధిలో ఇంకో షీటు కొంటున్నాడని తర్వాత తెలిసింది. అడిగితే, "నన్ను పట్టుకపోతే మా ముసల్దానికి ఇన్సులిన్ ఎవరిస్తరు బిడ్డా" అన్నాడు. ఆయన ప్రశ్నకు జవాబు ఏ ప్రెస్‌మీట్‌లోనూ రాలేదు. ఇంట్లో ఒకరికి పాజిటివ్ వస్తే మిగతావాళ్లను ఎవరు చూస్తారు, మంచాన పడ్డ మనిషి సంగతేంటి, ఎన్నాళ్లకు ఇంటికి పంపుతారు అని అందరూ అడిగేవాళ్లు. అక్కడ టీవీలో మాత్రం కేసుల రెట్టింపు రేటు ఎన్ని రోజులో చెబుతుండేవాళ్లు.

కేసులు రెట్టింపు కావడానికి పట్టే రోజులు పెరిగితే మంచిది, తగ్గితే చెడ్డది. వైద్యులకు అది పనికొచ్చే కొలత. షాపు ముందు నిలబడ్డవాళ్లలో దాన్ని సరిగా పట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నీ చూళ్లేదు. "డబుల్ అయితుందంటున్నరు, తగ్గుతుందంటున్నరు, ఏది నిజమన్నా?" అని అడిగేవాళ్లు. వాళ్లు కోరిన లెక్క చాలా చిన్నది. ఇవాళ ఎంతమందికి పరీక్ష చేశారు? మా వార్డులో ఎంతమంది?

ఈ రెండు ప్రశ్నల దగ్గరే మన రాష్ట్రం మర్యాద పోగొట్టుకుంది. లాక్‌డౌన్ నెలల్లో మన బులెటిన్‌లో ఆ రోజు కేసులు ఉండేవి. ఆ రోజు చేసిన పరీక్షల లెక్క రోజూ ఇచ్చే అలవాటు ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్ బులెటిన్‌లో మాత్రం "గడిచిన 24 గంటల్లో ఇన్ని శాంపిళ్లు పరీక్షించగా" అని మొదలయ్యేది, కింద జిల్లాల పట్టిక ఉండేది. మా బస్తీలో గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లు చాలామంది. అటు నుంచి చుట్టాలు ఆ పట్టిక పంపేవాళ్లు. రెండూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి పెద్ద చదువులు అక్కర్లేదు. కర్నూలు, గుంటూరు అంకెలు చూసి అటువాళ్లు భయపడ్డారు, నిజమే. కానీ ఎక్కడ భయపడాలో తెలిసి భయపడ్డారు. ఇక్కడ అంకె చిన్నదిగా కనిపించినా ఎవరూ నిశ్చింతగా లేరు. "పరీక్షలే చెయ్యకుంటే కేసులెట్లొస్తయ్" అని ఐదో తరగతి పిల్ల అన్నా ఒప్పుకోవాల్సిన తర్కం.

చివరికి ఆ లెక్క అడగడానికి హైకోర్టు పూనుకోవాల్సి వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్ర సింగ్ చౌహాన్ గారి ధర్మాసనం పలుమార్లు ప్రభుత్వాన్ని మందలించింది, బులెటిన్లలో వివరాలు సరిగా లేవని తప్పుబట్టింది. జులై ఆఖరుకు బులెటిన్ మారింది. ఆస్పత్రుల్లో పడకల లెక్క వచ్చింది, పేజీలకు పేజీలు. ఆ పడకల పట్టిక వచ్చాక మా షాపు ముందు కొట్లాటలేమీ జరగలేదు, ఎవరూ గుండె ఆగి పడిపోలేదు. ఫోన్లో ఆ పేజీ చూసుకుని ఏ ఆస్పత్రికి పోవాలో మాట్లాడుకున్నారు. వివరాలు ఇస్తే జనం కంగారుపడతారన్న వాదనకు అంతకన్నా జవాబేం కావాలి?

కేంద్రం వైపూ ఇలాంటివే జరిగాయి. మార్చి 22న కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందును వైద్య సిబ్బందికీ, రోగుల ఇళ్లలో ఉండేవారికీ ముందుజాగ్రత్తగా సూచించింది. ఎవరికి అన్నది స్పష్టంగానే రాశారు. టీవీలో మాత్రం మందు పేరే మోగింది. పేరు విన్న ప్రతివాడూ మా మీద పడ్డాడు. ఆ మందు షెడ్యూల్ హెచ్1లోకి, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోకి, వచ్చింది 26న. ఈ మధ్యలో ఎవరు ఇబ్బంది పడ్డారో తెలుసా? లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లు. ఏళ్ల తరబడి రోజూ అదే గోలీ వేసుకునే ఆడపిల్లలు చీటీ పట్టుకుని షాపు షాపు తిరిగారు. స్టాకిస్టుకు ఫోన్ చేస్తే "రేపు చూద్దాం" అంటాడు. మందు పేరు టీవీలో పలికే ముందు ఎవరికి వద్దో చెప్పి, ఆ తర్వాత ఎవరికి కావాలో చెబితే సగం గొడవ తప్పేది. దీన్ని మాత్రం మీ శాఖ రాసిపెట్టుకోవాలి.

తేదీల సంగతి తొందరగా చెప్పేస్తాను, దాని మీద జోకులు అందరూ వేశారు కనక. మార్చి 29న కేసీఆర్ గారు, కొత్త కేసులు రాకపోతే ఏప్రిల్ 7 నాటికి రాష్ట్రం బయటపడుతుందన్నారు. ఏప్రిల్ 24న నీతి ఆయోగ్ సభ్యుడు వి.కె. పాల్ గారు చూపిన గ్రాఫులో మే 16 నాటికి కొత్త కేసులు సున్నాకు దిగాయి. మే 16 వచ్చింది. దేశంలో ఒక్కరోజే నాలుగు వేల దాకా కొత్త కేసులు. సున్నా అని ఎవరూ అనలేదని తర్వాత వివరణ ఇచ్చుకున్నారు. "కొత్త కేసులు రాకపోతే" అన్న షరతు ఎవరికీ గుర్తుండదు, తేదీ గుర్తుంటుంది. తేదీలు చెప్పకండి, అంతే.

మర్కజ్ విషయం, అంటే ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన తబ్లిగీ జమాత్ సమావేశం సంగతి, అంత తొందరగా దాటలేను. నిజాముద్దీన్ నుంచి వచ్చినవాళ్లు పరీక్షకు రావాలని మొదట్లో పిలవడం అవసరమే. జాడ పట్టాలంటే చెప్పక తప్పదు. కానీ ఆ తర్వాత వారాల తరబడి ఢిల్లీ సమావేశాల్లో ఆ లెక్కను విడిగా చదివారు. ఏప్రిల్ 18న కూడా, 14,378 కేసుల్లో 4,291 మర్కజ్‌కు సంబంధించినవే, 29.8 శాతం అన్నారు. ఏ వర్గాన్నీ ముద్ర వేయకండని అదే కేంద్ర ఆరోగ్య శాఖ పది రోజుల ముందే సూచనలు ఇచ్చింది! జనం సూచనలు చదవరు, శాతం వింటారు. మా షాపు ముందు గుండ్రానికీ గుండ్రానికీ మధ్య దూరం అందరికీ ఒకటే. కానీ గడ్డం, టోపీ ఉన్నాయన నిలబడితే వెనకాయన ఇంకో గుండ్రం వదిలి నిలబడేవాడు. నెలనెలా తల్లికి ఇన్సులిన్ కొనే ఒకతను రావడం మానేశాడు. పక్కింటి హిందూ కుర్రాడితో చీటీ పంపేవాడు. ఒక పట్టికలోని ఒక గడి ఇంత పని చేస్తుందని ఆ పట్టిక రాసినవాళ్లకు తెలియకపోవచ్చు. ఇప్పుడు మీకు తెలుసు.

అన్నీ చెడ్డవే చెబుతున్నానని అనుకోకండి. కేసీఆర్ గారి ప్రెస్‌మీట్లకు జనం ఎంతగా కూర్చునేవాళ్లంటే, ఆ గంటలో మాకు గిరాకీ ఉండేది కాదు. మన భాషలో, మన యాసలో, బత్తాయి తినండి నిమ్మకాయ తినండి అని ఇంటి పెద్దలా చెప్పేవారు. మర్నాడు విటమిన్ సి గోలీలు ఐపోయేవి! ప్రశ్న అడిగిన విలేఖరిని కసిరినప్పుడే చెడింది. ఆ విలేఖరి అడిగింది మా గల్లీవాడు అడగాలనుకున్నదే. ఢిల్లీలో ఐసీఎంఆర్ తరఫున మాట్లాడిన డాక్టర్ రమణ్ గంగాఖేడ్కర్ నూరు మందిలో ఎనభై మందికి లక్షణాలు కనిపించకపోవచ్చు, కనిపించినా స్వల్పమేనని చెప్పినప్పుడు, ఎవరి దగ్గర ఉందో తెలియదని భయపడాల్సిందే కదా. విచిత్రంగా మా దగ్గర ఆ మాటకు మంచి పేరొచ్చింది. "ఈయన దాస్తలేడు" అన్నారు.

ఇక నా విన్నపం. మళ్లీ ఏదో మహమ్మారి వచ్చేదాకా ఆగొద్దు. ఏటా వానాకాలం డెంగీ వస్తూనే ఉంది. 2019లో డెంగీ మీదా హైకోర్టే ప్రభుత్వాన్ని నిలదీసింది. జ్వరాలు మొదలవగానే మా దగ్గర బొప్పాయి ఆకు గోలీలు అమ్ముడుపోతాయి, ప్లేట్‌లెట్ల మాట తప్ప ఇంకేదీ వినపడదు. ఎక్కడ ఎన్ని కేసులున్నాయో ఎవరికీ తెలియదు కనక ప్రతి జ్వరమూ డెంగీయే. ఒళ్లునొప్పులకని డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ అడుగుతారు. డెంగీలో అవి రక్తస్రావం ముప్పు పెంచుతాయని మేం ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ కూర్చోవాలి.

ఈ వానాకాలం నుంచే హైదరాబాద్, సికింద్రాబాద్ వార్డులవారీగా వారానికొక డెంగీ బులెటిన్ ఇవ్వండి. చేసిన పరీక్షలు, తేలిన కేసులు పక్కపక్కన పెట్టండి. ఏ ప్రభుత్వాస్పత్రిలో ఎన్ని పడకలు ఖాళీ ఉన్నాయో చెప్పండి. ఏ మందు వేసుకోకూడదో ఒక వాక్యం రాయండి. వారంలో ఒక రోజు, ఒకే వేళకు, ప్రశ్నలకు జవాబు చెప్పే డాక్టరును కూర్చోబెట్టండి. తెలియనిదాన్ని తెలియదని చెప్పే అధికారం ఆయనకు రాతపూర్వకంగా ఇవ్వండి. కరోనా నాటి బులెటిన్ ఇంగ్లీషులో వచ్చేది. ఇది తెలుగులో, ఉర్దూలో రావాలి. రెండు పేజీలు చాలు. ప్రింటు తీసి షాపు అద్దానికి అంటించే ఖర్చు మాది.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
సికింద్రాబాద్