మడ మొక్కలు ఎన్ని బతికాయో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా జులై 26న మడ అడవుల దినోత్సవం రాగానే పేపర్లలో దాదాపు ఒకే ఫొటో వస్తుంది. మోకాలి లోతు బురదలో వరుసగా జనం, తలా ఒక మొక్క, కింద 'ఒక్కరోజులో ఇన్ని వేలు' అన్న లెక్క. మూడేళ్ల తర్వాత వాటిలో ఎన్ని మిగిలాయన్న వార్త మాత్రం నేను ఎప్పుడూ చదివిన గుర్తు లేదు.

వాతావరణంలోని కార్బన్‌ను పట్టి ఉంచడానికే మడ నాటుతున్నామని ఇప్పుడు అందరూ అంటున్నారు. నిజమే. అయితే ఆ కార్బన్‌లో ఎక్కువ భాగం ఉండేది చెట్టు కింది బురదలో. ఇండో-పసిఫిక్ తీరాల్లో మడ అడవులను కొలిచి 2011లో ప్రకటించిన పరిశోధనలో హెక్టారుకు సగటున వెయ్యి టన్నులకు పైగా కార్బన్ తేలింది. అందులో దాదాపు సగం నుంచి 98 శాతం దాకా మట్టిలోదే. రాలిన ఆకు, చచ్చిన వేరు, పోటు మోసుకొచ్చిన ఒండ్రు పొర మీద పొరగా దిగుతాయి. గాలి ఆడని ఆ ఉప్పు బురదలో అవి కుళ్లడం చాలా నెమ్మది. అందుకే వందల ఏళ్లనాటి ఆకుల కార్బన్ కూడా అక్కడ భద్రంగా ఉంటుంది.

ఆ బురదను రొయ్యల చెరువు కోసం తవ్వి గట్టున పోస్తే గాలి తగులుతుంది, దాచిందంతా కార్బన్ డయాక్సైడ్‌గా పైకి పోవడం మొదలవుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా ప్రకారం 1980 నుంచి 2005 లోపు ప్రపంచంలోని మడ అడవుల్లో అయిదో వంతు, అంటే దాదాపు 36 లక్షల హెక్టార్లు పోయాయి. వాటి కింద పేరిన బురద మొక్క నాటినరోజే తిరిగి రాదు. కాబట్టి ఉన్న అడవిని కాపాడటం మొదటి పని, నాటడం ఆ తర్వాతి పని.

నాటడం కూడా ఎక్కడ? మడ కొట్టేసి తవ్విన పాత రొయ్యల చెరువులో నాటుదామంటే దానికి యజమాని ఉంటాడు, తగాదా ఉంటుంది. అడిగేవాళ్లు లేనిది సముద్రం అంచున ఖాళీగా కనిపించే బురద మేట. అందుకే మొక్కలు అక్కడికి చేరతాయి. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాలపాటు ఇదే జరిగింది. చాలాచోట్ల బతికినవి 10 నుంచి 20 శాతమే. అంత లోతట్టున నీరు ఎక్కువసేపు నిలుస్తుంది, అలలు పీకేస్తాయి, లేత కాండానికి చిన్న గుల్లలు పట్టి వంచేస్తాయి. కొన్నిచోట్ల సముద్రపు గడ్డి మీదే నాటారు. ఆ గడ్డి కూడా కార్బన్ దాచేదే!

దీనికి భిన్నంగా ఫ్లోరిడాలో వెస్ట్ లేక్ దగ్గర 1980లలో రాబిన్ లూయిస్ అనే పర్యావరణ నిపుణుడు ముందు నేల మట్టం సరిచేయించి, పూడిన కాలువలను తెరిపించాడు. ఆటుపోట్లు మామూలుగా ఆడటం మొదలయ్యాక పోటు నీరే విత్తనాలు తెచ్చింది. మడలో కొన్ని జాతుల విత్తనం తల్లిచెట్టు మీదే మొలకెత్తి, నడకొచ్చిన బిడ్డలా నీళ్లలోకి దిగుతుంది. దానికి కావలసింది దారి. దగ్గర్లో తల్లిచెట్లే లేని చోట మాత్రం మన చేత్తో నాటక తప్పదు.

డబ్బు సంగతి కూడా ఒక మాట. కెన్యాలోని గాజీ అఖాతం ఊళ్లవాళ్లు 117 హెక్టార్ల మడను కాపాడుతూ 2013 నుంచి కార్బన్ క్రెడిట్లు, అంటే అడవి పట్టి ఉంచిన కార్బన్ లెక్కకు ఇచ్చే పత్రాలు, అమ్ముకుంటున్నారు. ఆ సొమ్ము మంచినీళ్లకు, బడులకు వెళుతోంది. అక్కడ చెట్టు నిలబడి ఉంటేనే డబ్బు. మన కార్యక్రమాలకు మాత్రం మొక్క గుంతలో పెట్టగానే లెక్క ముగుస్తుంది.

బురదలో దిగినవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నేనూ ఒకసారి నాటాను, గ్రూప్ ఫొటోలో నవ్వుతూ ఉన్నాను, మళ్లీ వెళ్లి చూడలేదు. వచ్చే జులైలో కొత్త ఫొటోతో పాటు మూడేళ్ల కిందటి ఫొటోలోని చోటికి కూడా ఒక విలేకరిని పంపండి. పోటు నీరు లోపలికి వస్తోందా, ఎన్ని మొక్కలు నిలిచాయి, పక్కనున్న పాత అడవి అంతే ఉందా? ఈ మూడూ అదే పేజీలో వేయండి. నేను నాటిన చోటు వివరాలు విడిగా పంపుతున్నాను, అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు