యూఎస్‌డీటీ తీసుకుంటారా అని అడిగినవారికి మా షాపు జవాబు

కొంతకాలంగా మన షాపు కస్టమర్లు కొందరు ఒకే మాట అడుగుతున్నారు: కొత్త కంప్యూటర్‌కు డబ్బు యూఎస్‌డీటీలో (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో కాయిన్) ఇస్తే తీసుకుంటారా? అడిగేవారిలో ఎక్కువమంది బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లే. "మీకు క్రిప్టో ఉంచుకోవడం ఇష్టం లేకపోతే పీటుపీ ఎక్స్ఛేంజిలో, అంటే మనుషులు ఒకరికొకరు నేరుగా అమ్ముకునే చోట, అమ్మేసి రూపాయలు తీసుకోండి, అక్కడ ఎస్క్రో ఉంటుంది, బేరం తెగేదాకా కాయిన్లు మధ్యవర్తి దగ్గరే ఉంటాయి, భయం లేదు" అని ధైర్యం కూడా చెబుతున్నారు.

జవాబు ముందే చెప్పేస్తున్నాను. తీసుకోవడం లేదు.

కారణాలు మాత్రం వివరంగా రాస్తాను. దుకాణదారుకు ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయిలే అని ఎవరూ అనుకోకూడదు కదా. ఎస్.పి. రోడ్డులో గ్రాఫిక్స్ కార్డులు అమ్మేవాళ్లకు క్రిప్టో కొత్తేమీ కాదు. గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి ఇథీరియం అనే క్రిప్టోను సంపాదించే మైనింగ్ జోరుగా నడిచిన రోజుల్లో కార్డులు దొరక్క ధరలు ఎలా ఎగిరాయో, 2022 సెప్టెంబరులో ఆ నెట్‌వర్క్ మైనింగ్‌ను పూర్తిగా వదిలేశాక వాడేసిన కార్డులు ఎలా వచ్చిపడ్డాయో మా కౌంటరు దగ్గరే చూశాం.

పద్ధతి తెలిసినవారు ఈ పేరా దాటేయవచ్చు. పీటుపీ ఎక్స్ఛేంజిలో కంపెనీ మధ్యలో ఉంటుంది కానీ బేరం ఇద్దరు మనుషుల మధ్యే. అమ్మదలచినవారు ధర, కనీస గరిష్ఠ మొత్తాలు, యూపీఐయా బ్యాంకు బదిలీయా అన్న వివరాలతో ప్రకటన పెడతారు. కొనేవారు ఆర్డరు తెరవగానే అమ్మేవారి వాలెట్లోంచి (క్రిప్టో దాచుకునే ఖాతా) అంత యూఎస్‌డీటీ ఎస్క్రోలోకి వెళ్లి తాళం పడుతుంది. కొద్ది నిమిషాల గడువులోగా కొనేవారు రూపాయలను నేరుగా అమ్మేవారి బ్యాంకు ఖాతాకు పంపి, చెల్లించానని నొక్కాలి. అమ్మేవారు ఖాతా చూసుకుని విడుదల నొక్కితే కాయిన్లు అవతలివారికి చేరతాయి. తగవు వస్తే ఎక్స్ఛేంజి సిబ్బంది చాట్, రసీదులు చూసి తీర్పు చెబుతారు. బేరం తెగేదాకా సొమ్మును ఊరి పెద్దమనిషి చేతిలో పెట్టడం లాంటిదే ఇది. అయితే ఈ పెద్దమనిషి చేతిలో ఉండేది ఒకవైపు సొమ్మే. రూపాయలు ఆయన చేతికి ఎప్పుడూ రావు. నా నిర్ణయమంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది.

ఈ పద్ధతి మన దేశంలో ఇంతగా పాతుకుపోవడం వెనుక చిన్న చరిత్ర ఉంది. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, క్రిప్టో వ్యాపారాలకు సేవలు అందించవద్దని బ్యాంకులను ఆదేశించింది. రూపాయలు ఎక్స్ఛేంజి ఖాతాలోకి వచ్చే దారి మూసుకుపోయింది కాబట్టి మనిషి నుంచి మనిషికి వెళ్లే దారి తెరిచారు. ఆ రోజుల్లోనే యూనోకాయిన్ అనే క్రిప్టో సంస్థ మన పాత విమానాశ్రయం రోడ్డులోని కెంప్ ఫోర్ట్ మాల్‌లో నగదు వేసి తీసుకునే యంత్రం ఒకటి పెట్టింది. 2018 అక్టోబరులో పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకున్నారు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకు ఆదేశాన్ని కొట్టివేసింది కానీ పీటుపీ అలవాటు మాత్రం ఉండిపోయింది.

ఇక పరిశీలన. షాపు ఖాతాతో సంబంధం లేకుండా, నా సొంత డబ్బు కొద్దిగా పెట్టి కొని, అమ్మి చూశాను. నిజం చెప్పాలంటే ఎస్క్రో మీద నాకు ఫిర్యాదు లేదు. తాళం సరిగ్గానే పడింది, సరిగ్గానే తెరుచుకుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నది మాత్రం అడిగి తెలుసుకోవాలి. చాలా పెద్ద ఎక్స్ఛేంజీల్లో చెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. కొన్నిచోట్ల కొనేవారికి, అమ్మేవారికి, కంపెనీకి తలా ఒక చెవి ఉండి, ఏ ఇద్దరు కలిసినా తెరుచుకునే ఏర్పాటు ఉంటుంది. బిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో కొనేవారు, అమ్మేవారు ఇద్దరూ బిట్‌కాయిన్‌లో డిపాజిట్ కట్టాలి. మాట తప్పితే ఇద్దరికీ పోయేది ఉంటుంది. నాకు బాగా నచ్చిన ఆలోచన అదే.

చెవులు ఎక్కువైనంత మాత్రాన నిశ్చింత అనుకోకండి. 2024 జూలైలో మన దేశపు ఎక్స్ఛేంజి వజీర్ఎక్స్‌లో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు పోయింది పలువురి సంతకాలు కావాల్సిన వాలెట్ నుంచే. ఆ తర్వాత అక్కడి వాళ్ల సొమ్ము ఏడాదికి పైగా ఇరుక్కుపోయింది. పెద్దమనిషే ఊరు విడిచిపోవడం కూడా జరుగుతుంది. పీటుపీకి పర్యాయపదంగా ఉన్న ఫిన్లాండ్ సంస్థ లోకల్‌బిట్‌కాయిన్స్ 2012లో మొదలై 2023లో మూతపడింది. అందుకే పీటుపీ వాడేవారైనా బేరం ముగియగానే సొమ్మును అక్కడ ఉంచకుండా తీసేసుకోవడం మంచిది.

అసలు చిక్కు రూపాయల దగ్గర. మీరు నాకు యూఎస్‌డీటీ పంపారనుకుందాం. జీతాలు, సరుకు, అద్దె అన్నీ రూపాయల్లోనే కట్టాలి కాబట్టి దాన్ని నేను అమ్మాలి. కొనేది నేనెన్నడూ చూడని మనిషి. అతను పంపే రూపాయలు మా కరెంటు ఖాతాలో పడతాయి. లేదా మీరే అమ్మి, డబ్బు పడాల్సిన చోట మా యూపీఐ ఇచ్చారనుకుందాం. అప్పుడూ అంతే, ఎవరో తెలియని మనిషి డబ్బు మా ఖాతాలోకి వస్తుంది. ఆ డబ్బు ఎక్కడిది? ఆన్‌లైన్ మోసంలో ఎవరో పెద్దాయన పోగొట్టుకున్నది కావచ్చు. ఆయన సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేసి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో వరుసగా వెతుక్కుంటూ వస్తారు. ఆ వరుసలో ఉన్న ఖాతాలో అంత మొత్తానికి లీన్ పెడతారు, అంటే ఆ సొమ్ము వాడుకోకుండా ఆపేస్తారు, ఒక్కోసారి ఖాతానే ఆపేస్తారు. కాయిన్లు అప్పటికే ఎస్క్రో దాటి, మోసగాడి చేతికి, అక్కడినుంచి మరో వాలెట్‌కు వెళ్లిపోయి ఉంటాయి. ఎక్స్ఛేంజి లెక్కలో అది సక్రమంగా ముగిసిన ఆర్డరు. తగవు విభాగం చూడాల్సిందేమీ ఉండదు.

నాకు ఉన్నది ఒకటే కరెంటు ఖాతా. అది ఆగితే సరుకు ఇచ్చేవాళ్లకు చెల్లింపులు ఆగుతాయి, కుర్రాళ్ల జీతాలు ఆగుతాయి, జీఎస్టీ గడువు దాటుతుంది. ఫిర్యాదు నమోదైన స్టేషను వేరే రాష్ట్రంలో ఉంటే, ఈ డబ్బుతో నాకు సంబంధం లేదని అక్కడివారికి నిరూపించి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. ఒక కంప్యూటర్ మీద మిగిలే లాభం ఎంతో మీకూ తెలుసు. దానికోసం ఈ తలనొప్పి పెట్టుకోలేను.

నేను అతిగా భయపడుతున్నాననిపిస్తే, పీటుపీలో రోజూ అమ్మేవాళ్ల ప్రకటనల కింద ఉండే షరతులు ఒకసారి చదవండి. వేరేవారి ఖాతా నుంచి పంపితే ఒప్పుకోం, గుర్తింపు కార్డు చూపాలి, బ్యాంకు స్టేట్‌మెంటు పంపాలి, అవసరమైతే వీడియోలో మాట్లాడాలి అని రాసుకుంటారు. ఎస్క్రో లోపలే బతికే వ్యాపారులకే ఆ ఒక్క రక్షణ సరిపోవడం లేదన్నమాట. కంప్యూటర్ కొనడానికి వచ్చిన మనిషిని నేను స్టేట్‌మెంటు అడగలేను, అడిగితే మీరు ఇవ్వనూ కూడదు.

పన్ను సంగతి మా ఆడిటర్ గారు చెప్పింది క్లుప్తంగా రాస్తాను. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. కొన్న ధర తప్ప వేరే ఖర్చు చూపించుకోలేరు, ఒకదానిలో నష్టాన్ని మరోదాని లాభంలో సర్దుకోలేరు. యూఎస్‌డీటీ ఇచ్చి కంప్యూటర్ కొనడం కూడా ఆ యూఎస్‌డీటీని అమ్మినట్టే లెక్క. 2022 జూలై నుంచి 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. చిన్న మొత్తాలకు మినహాయింపు ఉన్నా, మంచి గ్రాఫిక్స్ కార్డున్న యంత్రం ధర చిన్న మొత్తం కాదు. క్రిప్టోకు బదులుగా వస్తువు ఇచ్చేవారు ఆ పన్ను కట్టారో లేదో చూసుకున్నాకే వస్తువు చేతికివ్వాలి. ఒక్క బిల్లుకు ఇంత కాగితం పని మా షాపు వల్ల కాదు.

"అయితే పీటుపీలో నేనే అమ్ముకుని, రూపాయలతో వస్తాను" అన్నవారికి అభ్యంతరం లేదు, అది మీ ఇష్టం. నాకు తెలిసిన జాగ్రత్తలు నాలుగు చెబుతాను. క్రిప్టో ఎక్స్ఛేంజీలు 2023 మార్చి నుంచి మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. కేంద్ర ఆర్థిక నిఘా విభాగంలో నమోదైనదేనా కాదా అన్నది ముందు చూసుకోండి. నమోదు కాకుండా నడుస్తున్నాయని 2023 డిసెంబరులో తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజీలకు నోటీసులు వెళ్లాయి, ఆ తర్వాత కొన్ని యాప్‌లు ఫోన్లలో దొరకకుండా పోయాయి. అమ్మేటప్పుడు స్క్రీన్‌షాట్ చూసి గానీ, మెసేజ్ చూసి గానీ విడుదల నొక్కకండి, బ్యాంకు యాప్ తెరిచి డబ్బు పడిందో లేదో, పంపినవారి పేరు ఎక్స్ఛేంజిలోని పేరుతో కలుస్తుందో లేదో చూడండి. కలవకపోతే విడుదల చేయకుండా ఫిర్యాదు తెరవండి, అవతలివారు ఆసుపత్రిలో ఉన్నామని ఏడ్చినా సరే. కొనేటప్పుడైతే, డబ్బు పంపాక ఆర్డరు రద్దు చేయమని ఎవరు బతిమాలినా చేయవద్దు. రద్దు చేస్తే ఎస్క్రో తాళం అమ్మేవారివైపు తెరుచుకుంటుంది. బేరాన్ని టెలిగ్రామ్‌లోకి మారుద్దాం అన్నవారితో మాట ఆపేయండి, అక్కడ ఎస్క్రో లేదు. జీతం పడే ఖాతాను మాత్రం దీనికి వాడకండి.

ఆ రూపాయలు మా దగ్గరికి తెచ్చేటప్పుడు మీ పేరు మీదున్న ఖాతా నుంచే పంపండి. నగదైతే ఒకే రోజున ఒకరి దగ్గర రెండు లక్షలు, అంతకు మించి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి మేమూ తీసుకోం. విదేశాల్లో ఉండి ఇక్కడున్న అమ్మానాన్నల కోసం ఆర్డరు పెట్టేవారు ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతా నుంచి బదిలీ చేయవచ్చు.

ఇదంతా చూశాక నాకు మా షాపు పద్ధతి మీదే ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లూ అసెంబుల్ చేయించుకునేవారి దగ్గర అంచనా మొత్తంలో సగం ముందే తీసుకుంటున్నాం. మీ సొమ్ముకు మా దగ్గర ఎస్క్రో ఏదీ లేదు, ఉన్నదల్లా నమ్మకం. అందుకని వచ్చే నెల ఒకటో తేదీ నుంచి బుకింగ్‌కు కొద్ది మొత్తమే తీసుకుంటాం. విడిభాగాలు షాపుకు చేరిన రోజు మీరు వస్తే సీలు మీ ముందే తీసి, సీరియల్ నంబర్లు బిల్లులో రాసి, అప్పుడే వాటి డబ్బు తీసుకుంటాం. యంత్రం ఆన్ అయి మీరు చూసుకున్నాక అసెంబ్లింగ్ చార్జీ. రాలేనివారికి వీడియో కాల్‌లో చూపిస్తాం. దీనివల్ల సరుకు మీద మా పెట్టుబడి కొంత పెరుగుతుంది, కాబట్టి ఖరీదైన కార్డులు ఆర్డరు పెట్టాక రావడానికి మునుపటికంటే రెండు మూడు రోజులు ఎక్కువ పట్టవచ్చు.

ఇప్పటికే సగం ఇచ్చి ఎదురుచూస్తున్నవారు బిల్లు కాపీతో వస్తే కొత్త పద్ధతికి మార్చి, ఎక్కువైనది వెనక్కి పంపుతాం. ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపుతాం. వేరే నంబరుకు పంపమని ఫోనులో అడిగితే పంపం.