నిమ్మరసం చిట్కా, 'మోడల్స్ కావలెను' ప్రకటన.. రెండూ మీ పేపర్లోనే

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ యువత పేజీలో మోడలింగ్‌కి వెళ్లాలనుకునే అమ్మాయిలకి అందం చిట్కాలు వేశారు. నిమ్మరసం మొహానికి రాసుకుని 20 నిమిషాలు ఉంచుకుంటే రంగు తేలుతుందని అందులో ఒకటి. అదే రోజు జిల్లా పేజీలో కింద మూలన చిన్న ప్రకటన, 'మోడల్స్ కావలెను, అనుభవం అక్కర్లేదు, వెంటనే అవకాశం' అని, పక్కన ఒక సెల్ నంబరు. చిరునామా లేదు, పేరు లేదు. రెండూ చదివాక కడుపు మండింది, అందుకే రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పెద్దదే అవుతుంది. చోటు చాలకపోతే నా సొంత గొడవ తీసేయండి గానీ డబ్బుల సంగతి మాత్రం ఉంచండి.

నాకు విజయనగరంలో గంటస్తంభం దగ్గర జాకెట్లు కుట్టే చిన్న షాపు ఉంది. దానికి ముందు ఆరేళ్లు హైదరాబాద్‌లో చీరల క్యాటలాగులకి మోడల్‌గా చేశాను. పేరున్న మోడల్‌ని అనుకోకండి, బస్సులో పక్క సీట్లో కూర్చున్నా ఎవరూ గుర్తుపట్టరు, కానీ నేను కట్టుకున్న చీరల ఫొటోలు మన ఊరి కొట్లలోనే గోడలకి వేలాడాయి. నాది చామనఛాయ. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. ఈ రెండూ ముందే ఎందుకు చెప్తున్నానంటే, షాపుకి వచ్చే పిల్లలు మొదట అడిగేవి ఇవే.

మా అన్నయ్య కూతురు డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. ఇలాంటి ప్రకటన చూసే ఫోన్ చేసింది, నాకు చెప్పలేదు, చెప్తే వద్దంటానని. విశాఖలో ఒక ఆఫీసుకి రమ్మన్నారట, నీ మొహం కెమెరాకి సరిగ్గా సరిపోతుంది అన్నారట, పోర్ట్‌ఫోలియోకి, అంటే పని ఇచ్చేవాళ్లకి చూపించే ఫొటోల ఆల్బమ్‌కి, 18 వేలు కట్టమన్నారట. మా వదిన చీటీ పాట డబ్బులు అవి. బీచ్‌లో నలభై ఫొటోలు తీసి ఇచ్చారు, ఆ మాటకి ఇచ్చారు, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ అని 5 వేలు, గ్రూమింగ్ క్లాసులని ఇంకో 7 వేలు అడిగారు. అక్కడికి నాకు తెలిసింది. పని మాత్రం ఈ రోజుకీ ఒక్కటీ రాలేదు. ఆ ఫొటోల్లో పిల్లని ఎంత తెల్లగా చేసేశారంటే మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి "ఓలమ్మో, ఈ పిల్లెవులే?" అంది. ఇంట్లో అందరం నవ్వాం, ఆ పిల్ల తప్ప.

ఏజెన్సీ అనేది దేనిమీద బతుకుతుందో ఈ పిల్లలకి ఎవరూ చెప్పరు, మీ పేజీ కూడా చెప్పలేదు. మనకి పని ఇప్పించి, ఆ పనికి వచ్చిన డబ్బులో కమిషన్ తీసుకుంటుంది. నాకైతే నూటికి ఇరవై కోసుకుని మిగతాది ఇచ్చేవారు. నాకు షూట్ లేకపోతే వాళ్లకీ రూపాయి లేదు కాబట్టి వాళ్లే నాలుగు చోట్ల తిరిగి పని పట్టుకొచ్చేవారు. మన దగ్గరే ముందు 18 వేలు తీసేసుకున్నవాడికి ఇంక తిరగాల్సిన అవసరం ఏముంది? వాడి వ్యాపారం ఫొటోలు అమ్ముకోవడం, రేపు ఇంకో పిల్ల ఫోన్ చేస్తుంది, ఆమెకీ మొహం కెమెరాకి సరిపోతుంది.

మొదట్లో ఏజెన్సీకి పంపాల్సిన ఫొటోలకి బీచ్ అక్కర్లేదు, ఫొటోగ్రాఫరూ అక్కర్లేదు. వాటిని డిజిటల్స్ అంటారు, పాతవాళ్లు పోలరాయిడ్స్ అంటారు. ఇంట్లో తెల్లగోడ, పక్కన కిటికీ, పొద్దుటి వెలుగు, చేతిలో ఫోన్, తీయడానికి చెల్లెలో తమ్ముడో చాలు. మేకప్ లేకుండా, జుట్టు వెనక్కి కట్టేసి, ఒంటికి పట్టిన టీషర్టు, జీన్సు వేసుకుని ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నిలువెత్తు ఒకటి, పళ్లు కనపడేలా నవ్వుతూ ఒకటి. ఫిల్టర్ వాడారా, అవతలివాళ్లు పక్కన పడేస్తారు, ఎందుకంటే వాళ్లు చూడాలనుకునేదే అసలు మొహం, అసలు చర్మం. కొలతలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయాలి. ఇది టైలర్‌గా కూడా చెప్తున్నాను. ఒకసారి మాతో వచ్చిన ఒకమ్మాయి నడుము 26 అని రాసింది, తీరా చూస్తే 30. ఆ కొలతకి కుట్టించిన లెహంగా హుక్కు పడలేదు, మధ్యాహ్నానికల్లా ఆమెని పంపేసి నన్ను ఫోన్ చేసి పిలిచారు. ఆ రోజు నాకు డబ్బులొచ్చాయి గానీ ఆ పిల్ల ఏడుస్తూ ఆటో ఎక్కడం మర్చిపోలేను.

ఎత్తు సంగతికొస్తే, ర్యాంప్ మీద నడిచే అమ్మాయిలకి మామూలుగా అయిదడుగుల ఎనిమిదంగుళాల దగ్గర చూస్తారు, అది నిజమే, దాని గురించి గొడవపడి లాభం లేదు. అయితే పని అంతా ర్యాంప్ మీదే లేదు. చీరలు, కుర్తీలు, నగలు, సబ్బులు, టీ పొడి, ఆసుపత్రి బోర్డులు, ఆన్‌లైన్ షాపుల ఫొటోలు, వీటన్నిటికీ మనుషులు కావాలి, అందులో నాలాంటి ఎత్తువాళ్లే ఎక్కువ. చేతులు మాత్రమే ఫొటో తీసే పని కూడా ఉంది, గాజులకీ ఉంగరాలకీ.

ఇక అసలు పని. క్యాటలాగ్ షూట్ అంటే ఒక్క రోజులో ముప్ఫై నలభై చీరలు కట్టి విప్పడం. పొద్దున ఏడింటికి రమ్మంటే ఏడింటికి తల దువ్వుకుని కూర్చుని ఉండాలి, ఏడున్నరకి బస్సు దిగితే రెండోసారి పిలవరు. జనం చూడాల్సింది చీర, నన్ను కాదు, ఇది తలకెక్కడానికి నాకే ఏడాది పట్టింది. కొంగు పట్టుకున్న చెయ్యి బిగిస్తే బట్ట నలుగుతుంది, ముఖం ఎంత బాగున్నా ఆ ఫొటో పనికిరాదు. వేళ్లు వదులుగా, అంచు కెమెరా వైపు, కుచ్చిళ్లు విచ్చుకునేలా ఒక కాలు కొంచెం ముందుకి. క్లిక్‌కీ క్లిక్‌కీ మధ్య పెద్ద పోజులు మార్చేస్తే ఫొటోగ్రాఫర్‌కి విసుగు, గడ్డం ఒక్క అంగుళం, భుజం ఒక్క అంగుళం, అంతే మార్చాలి, చూపు మాత్రం ప్రతిసారీ కొత్తగా ఉండాలి. లైటు ఎటునుంచి పడుతోందో చర్మానికి తెలియాలి. వెచ్చగా తగిలే వైపు మొహం తిప్పుకుంటే చాలు, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంట్లో నేర్చుకోవాలంటే నేనిచ్చే సలహా ఒకటే. గంజి పెట్టిన పొందూరు ఖద్దరు చీర ఒకటి, జారిపోయే జార్జెట్ ఒకటి తీసుకోండి, అమ్మ బీరువాలో ఉండే ఉంటాయి. ఖద్దరు దానంతట అది నిలబడుతుంది, మనం ఊరికే నిలబడితే చాలు. జార్జెట్ ఒంటిని అంటిపెట్టుకుంటుంది, మనం కదిలితేనే దానికి అందం. రెండూ కట్టుకుని అద్దం ముందు గంట నిలబడితే ఏ బట్టకి ఎలా నిలబడాలో ఒంటికే తెలుస్తుంది. (వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి ఆ ఖద్దరుకి నూలు తీస్తారని హైదరాబాద్‌లో చెప్తే ఎవరూ నమ్మేవారు కాదు, నేను అబద్ధాలకోరునని పేరు.) నడక సంగతి, వరండాలో నేల మీద చాక్‌పీస్‌తో గీత గీసి, హీల్స్ వేసుకుని, చూపు ఎదురుగోడ మీద ఒక చుక్క దగ్గర పెట్టి నడవండి. చివర ఆగి, రెండు లెక్కపెట్టి తిరగాలి. కిందికి చూశారా, అయిపోయింది.

బట్టల ఖర్చు గురించి కూడా భయపడుతుంటారు. 1994లో సుస్మితా సేన్ మిస్ ఇండియా పోటీకి వేసుకున్న గౌను ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్‌లో బట్ట కొని ఒక మామూలు టైలర్‌తో కుట్టించుకున్నదే, చేతి గ్లవ్స్ సాక్సులతో చేసినవేనని ఆవిడే చెప్పారు. ఆ ఏడాదే ఆవిడ మిస్ యూనివర్స్ కూడా అయ్యారు. టైలర్లం ఈ కథ ఎన్నిసార్లయినా చెప్పుకుంటాం, ఏమనుకోకండి.

ఇప్పుడు మీ నిమ్మరసం. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలి, నల్లటి మచ్చలు పడతాయి, కొన్ని వారాలు పోవు. మన ఉత్తరాంధ్ర ఎండలో ఆ చిట్కా పాటించి కాలేజీకి వెళ్లే పిల్ల గతేంటి? దీనికన్నా ప్రమాదం మందుల షాపులో చేతికిచ్చే తెల్లబరిచే క్రీములు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి పదిహేను రోజులు మొహం మెరుస్తుంది, అక్కడే అందరూ పడిపోతారు, తర్వాత చర్మం పలచబడి ఎర్రబడుతుంది, మొటిమలు, మీసాల్లాగా వెంట్రుకలు, మానేద్దామంటే మంట. 2018లోనే ఇలాంటి క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం చెప్పింది, మన దగ్గర అడిగే నాథుడు లేడు. ఊరూ పేరూ లేని డబ్బాల్లో పాదరసం కూడా ఉంటుంది, అది కిడ్నీల మీదికి వెళ్తుంది. తెల్లబడే ఇంజక్షన్లంటారా, అమెరికాలో మందుల్ని ఆమోదించే ఎఫ్‌డీఏ ఇప్పటిదాకా ఒక్కదాన్నీ ఆమోదించలేదు.

నేను ఆరేళ్లు ఏం రాసుకున్నానో చెప్తాను, చాలా చప్పగా ఉంటుంది. పడుకునే ముందు మేకప్ మొత్తం తీసేయడం, ఎంత అలిసిపోయినా సరే. పొద్దున సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ (ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, డబ్బా మీదే ఉంటుంది) 30 అయినా ఉన్నది, మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండుకునేంత, బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడడం. నా బ్రష్‌లు, నా లిప్‌స్టిక్ ఎవరికీ ఇవ్వకపోవడం. నా రంగుకి సరిపోయే ఫౌండేషన్ నా సంచిలోనే ఉండేది, ఎందుకంటే అప్పట్లో మేకప్ చేసేవాళ్ల పెట్టెలో అన్నీ తెల్లవాళ్ల షేడ్లే ఉండేవి, అవి పూస్తే నా మొహం సున్నం కొట్టిన గోడలా బూడిద రంగులో వచ్చేది. మా అమ్మ పెట్టే శనగపిండి నలుగు కూడా పెట్టుకునేదాన్ని, రంగు తేలుతుందని మాత్రం కాదు, హాయిగా ఉంటుందని.

పస్తుల గురించి ఒక్క మాట. సన్నబడాలని రాత్రి అన్నం మానేసే పిల్లల్ని చూస్తున్నాను. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది, వీళ్లు మళ్లీ పస్తులా? 2006లో మాడ్రిడ్ ఫ్యాషన్ వీక్‌లో మరీ బక్కచిక్కిన మోడళ్లని ర్యాంప్ ఎక్కనివ్వలేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి మోడల్‌కి డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి. నలభై చీరలు కట్టి విప్పాలంటే ముందు ఒంట్లో సత్తువ ఉండాలి, నేనైతే షూట్‌కి చద్దన్నం తిని వెళ్లేదాన్ని.

అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టొద్దు, ఇది నా తప్పు కాబట్టి చెప్తున్నాను. నా ఫొటో ఎన్నేళ్లు వాడుకోవచ్చు, ఎక్కడెక్కడ వాడుకోవచ్చు అని నేను అడగలేదు. ఒక్క రోజుకి ఇచ్చిన డబ్బుతో పదేళ్లయినా ఒక చీర డబ్బా మీద నా మొహమే ఉంది, మొన్న మా షాపుకే ఒకావిడ ఆ డబ్బాలో చీర తెచ్చి జాకెట్టు కుట్టమంది. డబ్బులు ఎన్ని రోజులకి ఇస్తారో కూడా రాయించుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల పెట్టే సంతకం చట్టం ముందు చెల్లదు, ఆ వయసు పిల్లలతో అమ్మో నాన్నో వెళ్లి తీరాలి, తలుపు బయట కూర్చోమంటే అక్కడినుంచి లేచి వచ్చేయాలి.

మీకు నా విన్నపం. 'మోడల్స్ కావలెను' అని ఎవరైనా డబ్బు కట్టి ప్రకటన ఇస్తే, చిరునామా ఎక్కడ, అమ్మాయిల దగ్గర ముందుగా ఏమైనా వసూలు చేస్తారా అని ఒక్కసారి అడిగి వేయండి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఆ ప్రకటన పక్కనే ఒక లైను వేయండి. నిమ్మరసం చిట్కా తప్పని వచ్చే ఆదివారం అదే పేజీలో వేయండి.

మా మేనకోడలు ఇప్పుడు వంటింటి కిటికీ పక్కన నిలబడి డిజిటల్స్ తీసుకుంది, నేనే తీశాను, మూడు చోట్లకి పంపాం, ఇంకా జవాబు రాలేదు. 18 వేల రసీదు నా దగ్గరే ఉంది, దాని మీద కూడా చిరునామా లేదు. కావాలంటే మీ విలేకరిని షాపుకి పంపండి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కుట్టు మిషన్ ఖాళీగానే ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయనగరం.