తెల్ల నాడా లేని మోటార్ల గురించి

కాలిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టి ఇచ్చే మా షాపు పెట్టిన మా నాన్నగారు, మీరంతా మిలిటరీ గారనే ఆయన, గత నెలలో కాలం చేశారు. 77 ఏళ్లు. పెద్దకర్మకి తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది వచ్చారు. కొందరి ముఖాలు నాకు తెలీవు గానీ, "మాది ఏడున్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ అండి, మిలిటరీ గారు రెండుసార్లు కట్టారు" అనగానే గుర్తుపట్టాను. మీ అందరికీ దండం పెట్టి చెప్పాల్సిన సంగతి ఒకటుంది.

ఆయన మంచం పట్టిన దగ్గర్నుంచి, కర్మలయ్యి షాపు తెరిచిన మొదటి వారం దాకా మా దగ్గర్నుంచి బయటికి వెళ్లిన మోటార్లు 23. నాన్నగారు మోటారు హుక్‌కి కట్టి ఇచ్చే తెల్ల నాడా ముక్క వాటిలో వేటికీ కట్టలేదు. అందులో ఒకటి, పశువుల పాక కడగడానికి వాడే ఒక హెచ్‌పీ మోనోబ్లాక్, బాడీకి కరెంటు వచ్చింది. ఆ ఇంటావిడ తడి చేత్తో ముట్టుకున్నారు. కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి విసిరేసినట్టు పడి బతికారు. చెయ్యి నొప్పి తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. వాళ్ల ఇంటికెళ్లి క్షమాపణ అడిగాను. ఆవిడ మంచినీళ్లిచ్చి, "నాన్నగారు పోయిన టెన్షన్‌లో ఉన్నారు కదా బాబూ" అన్నారు. ఆ మాట వినడం తిట్టు తినడం కంటే కష్టంగా ఉంది.

మోటారు విప్పి చూస్తే తీగలు కూర్చునే గాడి, అదే స్లాట్, మూతి దగ్గర ఒక తీగ మీది ఎనామిల్ పూత గీసుకుపోయి ఉంది. బిగించాక ఒక్కసారి మెగ్గర్, అంటే తీగ నుంచి బాడీకి కరెంటు లీకవుతుందేమో చూసే మీటరు, పెట్టి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసిపోయేది. పెట్టలేదు. బోర్ల మోటార్లు వరసగా కాలి వస్తున్నాయి, రైతులు బయట నిలబడి ఉన్నారు, తిరుగుతోందా లేదా చూసి ఇచ్చేశాం. కుర్రాళ్ల తప్పు కాదు, ఇచ్చెయ్యమన్నది నేనే.

ఆ తెల్ల నాడా ఏంటని మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అడిగే ఉంటారు. ఆయన "గుర్తు అంతే" అనేవారు. నాకు కూడా పెళ్లయ్యాక గానీ తెలీదు.

మాది మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపే ఊరు, మిలిటరీ మాధవరం అంటేనే చాలామందికి తెలుస్తుంది. నాన్నగారు 1966లో, 18 ఏళ్ల వయసులో బెంగళూరు వెళ్లి సైన్యంలోని ఇంజనీరింగ్ దళం మద్రాస్ సాపర్స్‌లో చేరారు. అల్సూరు చెరువు పక్కన ట్రైనింగు, ఎలక్ట్రీషియన్ ట్రేడు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు పశ్చిమ సరిహద్దున షకర్‌గఢ్ వైపు ఉన్నారు. సాపర్లంటే అందరికంటే ముందు నడిచేవాళ్లు. అవతలివాళ్లు పాతిన మైన్లు, అంటే మందుపాతరలు, వెతికి తీసి, ట్యాంకు పట్టేంత దారి చేసి, ఆ దారి అంచుల వెంట తెల్ల నాడా పరుస్తారు. చీకట్లో వెనక వచ్చేవాడు ఆ నాడా చూసుకునే అడుగు వేస్తాడు.

డిసెంబరు 15 రాత్రి బసంతర్ నది దగ్గర ఆ పని పూర్తి కాలేదు. నది దాటిన మన పదాతి దళం మీదికి శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని కబురొచ్చింది. ఆగడానికి వీల్లేక మన ట్యాంకులు మిగతా మైన్ల మీదుగానే వెళ్లిపోయాయి. తెల్లవారి జరిగిన పోరులోనే సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ప్రాణమిచ్చారు, పరమవీర చక్ర వచ్చింది. ఆయనకు 21 ఏళ్లు, నాన్నగారికి 23. "మేం నాడా వెయ్యని నేల మీంచి వెళ్లారురా" అని నాన్నగారు నాతో ఒక్కసారి అన్నారు. దానిమీద నేనేదో అడగబోతే లేచి లోపలికి వెళ్లిపోయారు. యుద్ధం గురించి ఆయన నోటి నుంచి నేను విన్నది దాదాపు అంతే.

1983లో ఇంటికొచ్చారు. సైన్యంలో జనరేటర్లు బాగుచేసిన చెయ్యే గానీ బోరు మోటారు తెలీదు. రాజమండ్రిలో ఒక మేస్త్రి దగ్గర ఏడాది కూర్చుని నేర్చుకుని, 1984లో ఈ షాపు పెట్టారు. కాలిన తీగ ఊడదీసి మళ్లీ చుట్టడం మన జిల్లాలో ఎందరికో వచ్చు. ఆయన తేడా అంతా చివరి అరగంటలో ఉండేది. వార్నిష్ ఆరాక, బిగించాక, మెగ్గర్ హ్యాండిల్ తనే తిప్పేవారు. ఆ చప్పుడు మాకు ఇంట్లో కూడా వినిపించేది. ముల్లు చివరికంటా వెళ్లి అక్కడే నిలబడాలి. కొంచెం వెనక్కి జారినా మోటారు మళ్లీ విప్పాల్సిందే, రైతు ఆటో తెచ్చుకుని గంట నుంచి ఎదురుచూస్తున్నా సరే. సరిపోయిందనుకుంటే, కాయిల్స్ కట్టే కాటన్ నాడా నుంచి జానెడు ముక్క కత్తిరించి హుక్‌కి కట్టి ఇచ్చేవారు. 70 దాటాక చేతులు వణికేవి, ముడి పడేది కాదు. అయినా మమ్మల్ని కట్టనిచ్చేవారు కాదు.

ఇక నుంచి మెగ్గర్ నేనే పడతాను, నాడా నేనే కడతాను. దాంతో రోజుకి నాలుగు మోటార్ల కంటే అవ్వవు. ముందు మూడు రోజుల్లో ఇచ్చేది ఇప్పుడు వారం పట్టొచ్చు. తొందరున్నవాళ్లు వేరే చోట చేయించుకుంటే నేనేమీ అనుకోను. రీవైండింగ్ చార్జీ కూడా వచ్చే నెల నుంచి పెంచక తప్పట్లేదు. రాగి తీగ ధర పెరిగినా నాన్నగారు మూడేళ్లుగా పాత రేటే తీసుకున్నారు, తన పెన్షన్ డబ్బు ఇందులో పెట్టేవారని లెక్కలు చూశాకే నాకు తెలిసింది. నాకు ఆ వీలు లేదు.

అరువు పుస్తకం అలాగే ఉంటుంది, పంట డబ్బులు వచ్చాకే ఇవ్వండి. కాకపోతే అందులో కొన్ని పద్దులు ఆయనకే అర్థమయ్యేలా ఉన్నాయి. "రావిచెట్టు దగ్గరి ఇల్లు, 5 హెచ్‌పీ, సగం" అని ఒకటి, "అల్లుడు గారు, పంపు, కోతలకి" అని ఒకటి. మీదేనని తెలిస్తే ఒకసారి వచ్చి చెప్పండి. మీరు ఎంతంటే అంతే రాసుకుంటాను.

ఆ 23 మోటార్లలో ఇప్పటికి 14 వెనక్కి తెచ్చి చూశాం. రెండింటికి ముల్లు నిలబడలేదు, మళ్లీ చుట్టి ఇచ్చాం, డబ్బులు తీసుకోలేదు. ఇంకా తొమ్మిది ఎక్కడున్నాయో బిల్లు పుస్తకంలో సరిగ్గా రాసి లేదు. ఈ నెలన్నరలో మా దగ్గర చేయించుకుని, హుక్‌కి తెల్ల ముక్క లేకపోతే ఆ తొమ్మిదిలో ఒకటి మీ మోటారే. మీరు మోసుకు రానక్కర్లేదు, కబురు చేస్తే మెగ్గర్ పట్టుకుని నేనే వస్తాను. బోరులో దింపేసి ఉన్నా ఫర్వాలేదు, పైన కేబులు దగ్గరే చూడొచ్చు. నేను వచ్చేదాకా దయచేసి స్విచ్ వెయ్యకండి, ఫ్యూజులు తీసి పిల్లలకి అందని చోట పెట్టండి.