అమ్మేముందు ఒక మాట

విశాఖపట్నం,
ఆదివారం

చి.సౌ. చిన్నారికి,

నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పినా వినదు, డాబా మీద కుండీలు తనే చూసుకోవాలంటుంది. నువ్వూ, అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ నోటి వెంట ఆ మాట విని చాలా రోజులైంది. నేను ఏ మెసేజ్ పెట్టినా బొటనవేలు బొమ్మ ఒకటి వస్తోంది. దాన్నిబట్టి నువ్వు తిన్నావో లేదో, ఒంట్లో ఎలా ఉందో తెలియడం లేదమ్మా.

రాయాల్సిన విషయం ప్రత్యేకంగా ఏమీ లేదు. మూడు రోజులుగా ముసురు. పొద్దున్నించి కరెంటు లేదు, రికార్డు పెట్టుకునే వీల్లేక కాగితం తీశాను.

మొన్న రాజాంలో పెళ్ళికి వెళ్ళాం. బుజ్జి కూడా వచ్చింది, కాస్త ఒళ్ళు చేసింది. పంక్తిలో నా పక్కనే కూర్చుని, "మావయ్యా, వదిన తన సంగీతం సీడీల బాక్స్ సెట్లన్నీ అమ్మకానికి పెట్టిందట కదా, ఫొటోలు చూశాను" అంది. నాకు ఆ తర్వాత పెరుగన్నం సయించలేదు. సరే, ఆ సంగతి నువ్వే చెబుతావు, ఇప్పుడు దాని గురించి కాదు.

ఈ వారం అల్మారాలోంచి బాక్సులన్నీ దించి తుడిచాను. పాతకాలపు లావుపాటి సీడీ పెట్టెలు ఉన్నాయి చూడు, మూత తియ్యగానే డిస్కు మీద గుండ్రంగా పల్చటి స్పాంజి ముక్క ఉంటుంది, వాటిలో ఒకటి తెరిస్తే గుండె జారింది. స్పాంజి పసుపుపచ్చగా మారి, ముట్టుకుంటే పొడి రాలుతోంది, కింద మాత్రం జిగురులా డిస్కుకి పట్టేసింది. నీ దగ్గర అలాంటివి ఉంటే ఈ పూటే తీసి పారెయ్. గోటితో మాత్రం గీకకు. మనం లేబుల్ వైపు చెడితే ఫరవాలేదనుకుంటాం గానీ, నిజానికి ఆ వైపే వెండిలా మెరిసే పూత మీద సన్నటి లక్క పొర తప్ప ఇంకేమీ ఉండదు. కిందవైపు గీత పడినా చాలావరకు పలుకుతుంది, పైవైపు పూత పోతే ఇక అంతే. అలాగే 1988కీ 1993కీ మధ్య ఇంగ్లండులో తయారైన డిస్కులు కొన్ని అంచు నుంచి లోపలికి కంచు రంగు తిరిగి పాడవుతాయి. నువ్వు అక్కడి ఆక్స్‌ఫామ్ సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో ఏరి తెచ్చినవి ఒక్కొక్కటీ దీపానికి అడ్డంపెట్టి చూడు. అమ్మేసేవాళ్ళకి ఈ శ్రమ అక్కర్లేదు, కొన్నవాడు పడతాడు. నువ్వు చూస్తావనే రాస్తున్నాను.

కొత్త బాక్స్ ఏది వచ్చినా మనం మొదట బీథోవెన్ 26వ సొనాటా పెట్టేవాళ్ళం, గుర్తుందా? ఆయన ఒక్క పియానో కోసమే రాసిన కృతులు, ఈ సొనాటాలు, ముప్పైరెండు ఉండగా అదే ఎందుకని అల్లుడుగారు ఒకసారి అడిగారు, నేను సరిగ్గా చెప్పేలోగా అమ్మ భోజనానికి పిలిచింది. 1809 మేలో నెపోలియన్ సేన వియన్నా మీదికి వస్తుంటే ఆస్ట్రియా రాజకుటుంబీకుడు ఆర్చ్‌డ్యూక్ రుడాల్ఫ్ ఊరు విడిచి వెళ్ళాడు. బీథోవెన్‌కి ఆయన శిష్యుడు, పోషకుడు కూడా. మరుసటి జనవరిలో గానీ తిరిగి రాలేదు. మొదటి భాగంలో వెళ్ళడం, రెండో భాగంలో లేకపోవడం, మూడో భాగంలో తిరిగి రావడం. పదిహేను, పదహారు నిమిషాల్లో పియానో వాయించేవాడి సరుకంతా బయటపడుతుంది. దిగులుని సాగదియ్యకుండా వాయించగలడా, సంతోషం వచ్చినప్పుడు తొట్రుపడకుండా పరుగెత్తగలడా, రెండూ ఇందులో తేలిపోతాయి.

దీన్ని వాయించిన పియానిస్టుల్లో ష్నాబెల్ మూడో భాగంలో ఊపిరి తీసుకోనివ్వడు. ఆయన ఈ ముప్పైరెండూ 1932 నుంచి 1935 దాకా లండన్ అబ్బే రోడ్‌లో రికార్డు చేశాడు. ఒక సంఘం పెట్టి, ముందుగా చందా కట్టినవాళ్ళకి పంపేవారు. అప్పటి రికార్డుకి ఒక్కో వైపు నాలుగు నిమిషాలే, తప్పు దొర్లితే ఆ వైపు మొత్తం మళ్ళీ వాయించాలి. అందుకే కొన్ని తప్పులు అలాగే ఉండిపోయాయి. నాకు ఆ తప్పులు ఎప్పుడూ అడ్డం రాలేదు. కెంప్ఫ్ అయితే రెండో భాగంలో గొంతు తగ్గించి పక్కన కూర్చుని మాట్లాడినట్టు వాయిస్తాడు. గిలెల్స్ బరువుగా వాయించే మనిషి. సోవియట్ రికార్డుల కంపెనీ మెలోడియా వాళ్ళ గిలెల్స్ రికార్డు ఒకటి బెజవాడ సోవియట్ పుస్తకాల ఎగ్జిబిషన్‌లో కొన్నాను, నాకు ఈ పిచ్చి పట్టింది దానితోనే. ఆనీ ఫిషర్ గురించి నేను చెప్పక్కర్లేదు, నాకు ఆవిణ్ణి పరిచయం చేసింది నువ్వే. 1977, 78లలో బుడాపెస్ట్‌లో రికార్డు చేసి, ఎంతకీ తృప్తి లేక దిద్దుకుంటూనే ఉండి, చివరికి 1995లో ఆవిడ పోయిన తర్వాతే ఆ సెట్టు బయటికి రావడం... ఆ కథ నువ్వు ఫోన్లో చెబుతుంటే అమ్మ కూడా పని ఆపి వింది. ఆ బాక్స్ కూడా ఫొటోలో ఉందా? బుజ్జిని అడగలేదు. అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

పోలుస్తున్నప్పుడు టైమింగులు చూడొద్దని నీకు చిన్నప్పుడే చెప్పాను. అట్ట మీద తొమ్మిది నిమిషాలని ఉంటే మన చెవి అప్పుడే నెమ్మదనుకుంటుంది. రెండు సెట్లకీ సౌండ్ సమానంగా పెట్టుకో, గట్టిగా మోగేది ఎప్పుడూ మంచిదిలాగే వినిపిస్తుంది. రాత్రి పూట వద్దు, అలసిన చెవికి అన్నీ ఒకటే. పడుకునే ముందు ఫోను చూడటం తగ్గించావా? కళ్ళజోడు నంబరు పెరిగిందని అప్పుడెప్పుడో అన్నావు. పొన్నగంటికూర అక్కడ దొరక్కపోతే క్యారెట్ అయినా తిను.

కెంప్ఫ్ బాక్స్ ఇంటికి ఎలా వచ్చిందో నీకు సగమే తెలుసు. 1984 చలికాలంలో ట్రైనింగుకని జర్మనీ పంపారు, ఎస్సెన్‌లో ఉండేవాణ్ణి. స్టేషన్ దగ్గర సందులో పాత రికార్డుల షాపు. అద్దం వెనకాల ఈ బాక్స్. 1964, 65లలో హానోవర్‌లో స్టీరియోలో చేసిన సెట్టు, పదకొండు రికార్డులు. రోజూ సాయంత్రం వెళ్ళి చూసేవాణ్ణి. షాపాయన ఒకరోజు లోపలికి పిలిచి, హెడ్‌ఫోన్ ఇచ్చి, ఒక వైపు పూర్తిగా విననిచ్చాడు. అమ్మ తన తమ్ముడికి వాచీ తెమ్మంది, తాతయ్యకి స్వెటర్ తేవాలి. అవి మానడానికి వీల్లేదు. అందుకని క్యాంటీన్ మానేసి బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లతో గడిపాను. నువ్వలా చెయ్యకు, అప్పుడు నా వయసు వేరు, అరాయించుకునేవాణ్ణి.

బొంబాయిలో దిగాక కస్టమ్స్ వాళ్ళు ఆపారు. ఆ కుర్రాడు పెట్టె విప్పి, పదకొండు ఒకేలా ఉన్నాయి కాబట్టి వ్యాపారానికి తెచ్చిన సరుకే అన్నాడు. ఒకేలా లేవు బాబూ, దేనికదే వేరు అంటే నమ్మడు. బాక్స్‌తో వచ్చిన పుస్తకం తీసి ఏ రికార్డులో ఏ సొనాటాలో, ఏ వైపు ఏదో మొత్తం చదివి వినిపించాను. వెనకాల లైనులో వాళ్ళు విసుక్కుంటున్నారు. అంతలో పెద్దాఫీసరు వచ్చాడు, గోవా ఆయన. లేబుల్ చూసి, "మా నాన్న చర్చిలో ఆర్గన్ వాయించేవారు" అని, తనే జాగ్రత్తగా మళ్ళీ సర్ది, దారంతో కట్టి నా చేతికిచ్చాడు. అక్కణ్ణించి రైలు. రికార్డులు పడుకోబెట్టి పైన బరువు పెడితే వంకర పోతాయి, అందుకని రెండు కాళ్ళ మధ్య నిలువుగా పట్టుకుని కూర్చునే వచ్చాను. ఎదుటి బెర్తు ఆవిడ మంచినీళ్ళ కూజా దాని మీద పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను, షోలాపూర్ దాకా ఆవిడ మాట్లాడలేదు. తీరా ఇంటికొస్తే వినడానికి ప్లేయర్ లేదు! పక్కింటి మాస్టారిది అరువు తెచ్చి, ముల్లు కొత్తది వేయించి పెట్టాను. అమ్మకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ తప్ప ఇంకేదీ చెవికెక్కదు కదా, తను కూడా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఈయన వేళ్ళు కంగారు పడటం లేదండీ" అంది. కెంప్ఫ్ గురించి అంతకంటే మంచిమాట నేనెక్కడా చదవలేదు.

ఇక నీకు తెలియని సగం. తాతయ్య ఆపరేషన్‌కి డబ్బు సరిపోలేదు. ఊళ్ళో ఒకాయన ఆ బాక్స్‌కి మంచి ధర ఇస్తానన్నాడు. కట్టి గుమ్మం దాకా తెచ్చాను. రాజేశ్వరత్తయ్య అప్పుడు మనింట్లోనే ఉంది. "అన్నయ్యా, ఆ పెట్టె లోపల పెట్టు" అని, చేతి గాజులు తీసి బల్ల మీద పెట్టింది. గాజులు మళ్ళీ చేయించేదాకా తాతయ్య నన్ను నిద్రపోనివ్వలేదనుకో. నేను చెప్పేదేమిటంటే, ఈ ఇంట్లో ఎవరికి అవసరం వచ్చినా మిగతావాళ్ళకి చెప్పుకున్నారు. చెప్పుకుంటే ఎవరి పరువూ పోలేదు.

ఒకవేళ చోటు చాలక తీసేస్తున్నావనుకో, అది నాకు అర్థమవుతుంది. అప్పుడైనా వరసగా ఆలోచించి తియ్యి. 1991లో ఫిలిప్స్ వేసిన మోజార్ట్ 180 సీడీలు, 2016లో వచ్చిన 200 సీడీలు, రెండూ నీ దగ్గరున్నాయి. ఒకటి ఇచ్చెయ్, ఏదైనా ఫరవాలేదు. 222 సీడీల బాఖ్‌లో సగం ఇంకా కవరు విప్పలేదన్నావు, అదీ ఇచ్చెయ్యొచ్చు. అంత పెద్ద పెట్టెలు కొన్న రోజు ఇచ్చే ఆనందం విన్న రోజు ఇవ్వవు, నేనిది ఎప్పటినుంచో అంటున్నాను. కరాయన్ ఆర్కెస్ట్రాని నడిపించిన బీథోవెన్ సింఫనీలు ఇన్నిసార్లు అక్కర్లేదు. 1963లో వచ్చిన బెర్లిన్ సెట్టు ఉంచుకో, చాలు. డొరాటి నడిపించిన హైడ్న్ సింఫనీల సెట్టు మాత్రం ముట్టుకోకు. 1956 తర్వాత హంగరీ నుంచి పారిపోయి వచ్చిన వాయిద్యగాళ్ళు జర్మనీలో మార్ల్ అనే గనుల ఊళ్ళో కూర్చుని హైడ్న్ సింఫనీలన్నీ వాయించిన సెట్టు అది. అమ్మితే పదో పరకో వస్తుంది, మళ్ళీ మనసుపడి వెతుక్కుంటావు.

గిలెల్స్ బాక్స్‌కి కూడా ధర పలకదు, పూర్తి సెట్టు కాదు కాబట్టి. అయిదు సొనాటాలు మిగిలిపోయాయి, ఆఖరిదైన 32వది కూడా లేదు. 1985 సెప్టెంబరులో 30, 31 రికార్డు చేశాడు, అక్టోబరులో పోయాడు. మరో పియానిస్టు బాక్‌హౌస్ కూడా అంతే, ఈ ముప్పైరెండూ రెండోసారి చేస్తూ 29వది మిగిల్చి 1969లో పోయాడు, ఆ ఒక్కదాని చోట ఆయన పాత మోనో రికార్డింగు పెట్టారు. ఇవన్నీ ఫోన్లో దొరుకుతాయి కదా నాన్నా అంటావు. దొరుకుతాయి. ఏది ఎప్పటిదో, ఏది ఎందుకు లేదో చెప్పే పుస్తకం దొరకదు. 2025 జూన్‌లో పియానిస్టు బ్రెండెల్ పోయారని తెలిసిన రాత్రి ఆయన చేసిన మూడు బీథోవెన్ సెట్లలో ఏది మేలని ఎంతసేపు మాట్లాడుకున్నాం! నువ్వు డెబ్బైల నాటిది అన్నావు, నేను తొంభైల నాటిది అన్నాను. నీ చేతిలో ఆ పుస్తకాలు ఉండబట్టే కదా నన్ను వాదనలో ఓడించావు.

అసలు విషయానికి వస్తాను. అల్లుడుగారి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారా? పేపర్లో అలాంటి వార్తలు చూసినప్పుడల్లా అమ్మకి చూపించకుండా మడిచి పెడుతున్నాను. లేక నీ ఒంట్లో బాగోలేదా? మీ ఇద్దరి మధ్య ఏమైనా మాటా మాటా వచ్చిందా? ఏదైనా సరే, ఎలా ఉంటే అలా చెప్పు. వెంటనే సలహాలు మొదలుపెట్టను, ముందు వింటాను. డబ్బయితే నా ఫిక్స్‌డ్ డిపాజిట్ వచ్చే నెల చేతికొస్తుంది, నాకిక్కడ దానితో పనిలేదు. చోటయితే నీ గదిలో తూర్పు గోడ అల్మారా ఖాళీ చేయించి, తేమ పట్టకుండా సిలికా జెల్ సంచులు వేయించాను. నువ్వు పంపితే పంపు, ఖర్చు నేనిస్తాను. ఇప్పటికే అమ్మేసి ఉంటే దానికి బాధపడకు, నేనేమీ అనను. ఆనీ ఫిషర్ అయినా సరే.

వచ్చే ఆదివారం మీకు పొద్దున్న పదింటికి, అంటే మాకు మధ్యాహ్నం రెండున్నరకి, ఫోన్ చెయ్యి. వీడియోలో చెయ్యి. అల్లుడుగారు ఇంట్లో ఉంటే ఆయన్నీ పిలువు. నేను భోంచేసి ఖాళీగా ఉంటాను.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. అమ్మ రాయమంటోంది: రాజేశ్వరత్తయ్య ఆడపడుచు కొడుకు ఇరవయ్యో తారీకున లండన్ వస్తున్నాడు. కందిపొడి, నల్లకారం, గోంగూర పచ్చడి పంపుతోంది. మీ కొత్త ఫ్లాట్ అడ్రస్ మా దగ్గర లేదు. ఆ పాతదే అయితే అదైనా రాయి.